ఫైటర్ చేపతో చెర్రీ రొయ్యలు: పర్లాకిమిడిలో పెంచి చూసిన అనుభవం

ఫైటర్ చేప, అదే బెట్టా, ఉన్న ట్యాంకులో చెర్రీ రొయ్యలు (అక్వేరియంలో పెంచుకునే చిన్న ఎర్ర రొయ్యలు) బతుకుతాయా అంటే బతుకుతాయి, పిల్లలు కూడా పెడతాయి. కానీ ఒడిశాలోని మన గజపతి జిల్లా లాంటి చోట వాటికి చేప కన్నా పెద్ద గండం ఎండాకాలం. పర్లాకిమిడిలో మా ఇంట్లో 45 లీటర్ల ట్యాంకులో ఈ రెండింటినీ కొన్నేళ్ళుగా కలిపి పెంచుతున్నాను. రొయ్యలు ఒకసారి బరంపురంలో దొరికాయి, మరోసారి విశాఖ నుంచి తెప్పించుకున్నాను.

చేప గుణం ముందే చెప్పలేం. ఇప్పుడున్న నీలం ఫైటర్ పక్కనుంచి రొయ్య వెళ్ళినా పట్టించుకోదు. అంతకు ముందున్న ఎర్రది పొద్దస్తమానం నాచు చుట్టూనే తిరిగేది, చివరికి దాన్ని వేరే తొట్టిలోకి మార్చాను. పెద్ద చెర్రీ రొయ్య 2.5 నుంచి 3 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఫైటర్ దాన్ని మింగలేదు, మీసాలు కొరుకుతుంది. అప్పుడే పుట్టిన పిల్ల 2 మిల్లీమీటర్లకు మించదు, కంట పడితే పోయినట్టే. గుల్ల విడిచిన రొయ్య కొత్త గుల్ల గట్టిపడేదాకా మెత్తగా ఉంటుంది, పెద్దవాటికి కూడా అప్పుడే ప్రమాదం.

అందుకే రొయ్యల్నే ముందు వదలాలి. ఫిల్టర్ కొన్ని వారాలు నడిచి, నీళ్ళలో చేరే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాక, జావా మాస్ అనే నాచు దట్టంగా అల్లుకున్నాక రొయ్యలు వెయ్యాలి. ఒక తరం పిల్లలు తిరుగుతున్నాయని చూసుకున్నాకే చేప. ఆడరొయ్య పొట్ట కింద 20, 30 గుడ్లు మోస్తుంది, నెలలోపే పొదుగుతాయి. పిల్లలు పుట్టుకతోనే చిన్న రొయ్యల్లా ఉంటాయి, మంచినీళ్ళలోనే పెరుగుతాయి. అమానో అనే మరో రకం రొయ్యలు 5 సెంటీమీటర్ల దాకా ఎదుగుతాయి, చేప భయం తక్కువే, కానీ వాటి లార్వాలకు ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి. సంతతి చూడాలనుకునేవాళ్ళకి చెర్రీలే నయం.

ఖర్చు లేకుండా రెండింటికీ పనికొచ్చేది బాదం ఆకు. మన వీధుల్లో బాదం చెట్లకి కొదవ లేదు. ఎండి రాలిన ఆకుని కడిగి వేస్తే నీళ్ళు లేత గోధుమ రంగుకి తిరుగుతాయి, ఫైటర్‌కి అలాంటి నీళ్ళు హాయి. ఆకు మీద పట్టే జిగురు పొర రొయ్యపిల్లలకి తిండి, దాని అడుగు దాక్కునే చోటు. స్పాంజ్ ఫిల్టరే వాడండి, మామూలు ఫిల్టర్ పిల్లల్ని లాగేసుకుంటుంది.

ఇక ఎండాకాలం. ఫైటర్‌కి 28 డిగ్రీలు సుఖంగానే ఉంటుంది. చెర్రీలకి 20 నుంచి 26 బాగుంటుంది. మే నెలలో మా గదిలో నీళ్ళు 31 దాటుతాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోయి పంపు ఆగితే ఫైటర్‌కి ఏమీ కాదు, దానికి లాబిరింత్ అనే అవయవం ఉంది, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. రొయ్యకి మొప్పలే దిక్కు. తెల్లారేసరికి రొయ్యలు చచ్చిపడి ఉంటే, చేప నిక్షేపంగా తిరుగుతుంటే, ఎవరైనా చేపనే అనుమానిస్తారు. చాలామంది ఇళ్ళలో రొయ్యలు పోయేది ఇలాగేనని నా గట్టి నమ్మకం. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి కొని పెట్టుకోండి. నేను ఈ ట్యాంకు కోసం కొన్నవాటిలో అంతకన్నా పనికొచ్చింది లేదు.

నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, గాలిలో ఉక్క ఉంటే అంత దిగదు. ఐసు ముక్కలు మాత్రం వెయ్యొద్దు, ఒక్కసారిగా మారే వేడిని రొయ్య తట్టుకోలేదు. ఫ్యాన్ వల్ల నీళ్ళు తొందరగా ఆవిరైపోతాయి, లవణాలు మాత్రం ట్యాంకులోనే మిగిలిపోతాయి. ప్రతిసారీ బోరు నీళ్ళు పోస్తే లవణాల వల్ల నీళ్ళకి వచ్చే గట్టిదనం ఇంకా పెరిగి రొయ్యలు గుల్ల విడవలేక చనిపోతాయి. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్ళే పోస్తున్నాను.

మహేంద్రతనయ నది రొయ్యల్ని తెచ్చి వేద్దామా అని ఇక్కడి కుర్రాళ్ళు అడుగుతుంటారు. వద్దంటాను. చిన్నప్పుడు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వాటిలో నీలకంఠ రొయ్యలాంటివి ఉంటే, పెరిగాక డెక్కలతో ఫైటర్ తోకనే పట్టుకుంటాయి.

చేపకి జబ్బు చేస్తే రాగి కలిసిన మందు ఈ ట్యాంకులో వాడకూడదు, రొయ్యలకి అది విషం. చేపని వేరే గిన్నెలోకి తీసి వైద్యం చెయ్యండి. దోమల మందు కూడా అంతే. ఇంట్లో స్ప్రే కొట్టేవాళ్ళు వస్తే ట్యాంకు మీద తడిగుడ్డ కప్పి, పంపు కాసేపు ఆపి, వాసన పోయాకే మళ్ళీ వెయ్యండి.