వరూధిని అనే పేరు: యాభై ఏళ్లు పైబడి వాడాక నా సమీక్ష

పాపకి వరూధిని అని పేరు పెడదామనుకుంటున్నాం, మీకెలా ఉంది ఆ పేరుతో అని బంధువుల్లో, తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. ఆ పేరున్న మనిషి వాళ్లకి సాధారణంగా నేనొక్కదాన్నే దొరుకుతాను. నాకూ నా వయసులో ఇంకో వరూధిని తారసపడింది చాలా తక్కువ. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి వివరంగా రాస్తే మేలనిపించింది. నా మాట ముందే చెప్పేస్తాను: పెట్టుకోండి, చాలా మంచి పేరు. కానీ కథ మొత్తం తెలుసుకుని పెట్టుకోండి. సగం కథే తెలిసిన ఇంట్లో ఈ పేరు పిల్లకి బరువవుతుంది.

కథ మూలం మార్కండేయ పురాణంలో ఉంది. మనకి మాత్రం అది అల్లసాని పెద్దన మనుచరిత్రతోనే తెలుసు. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయలు అడిగితే రాసి, ఆయనకే అంకితమిచ్చిన కావ్యం. ఆరు ఆశ్వాసాలు, అంటే అధ్యాయాలు. అందులో మొదటి రెండిట్లోనే అప్సరస వరూధిని, హిమాలయాల్లో చిక్కుకున్న బ్రాహ్మణుడు ప్రవరుడు కలుసుకుని విడిపోతారు. జనానికి గుర్తున్నదీ ఆ భాగమే. మాది కడప జిల్లా. పెద్దనకి రాయలు ఇచ్చిన అగ్రహారాల్లో పేరుపొందిన కోకట మా జిల్లాలోదే. అందుకో ఏమో, మా తాతగారి తరంలో మనుచరిత్ర పద్యాలు నోటికి రానివాళ్లని చదువుకున్నవాళ్ల కింద లెక్కేసేవారు కాదు. ఆయనే నాకీ పేరు పెట్టారు. మా నాన్నమ్మకి ఇష్టం లేదట. అప్సరస పేరు ఆడపిల్లకెందుకని ఆవిడ అభ్యంతరం. ఆ అభ్యంతరం గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లోనూ అది వస్తుంది.

అర్థం సంగతి. నేను చూసిన పేర్ల పుస్తకాల్లో ‘ఒక అప్సరస’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు మాటకి అర్థం సేన. అమరకోశంలో సైన్యానికి చెప్పిన పేర్ల వరుసలో ధ్వజిని, వాహిని, సేన, పృతన, అనీకిని, చమువు తర్వాత వరూథిని వస్తుంది. వరూథం అంటే యుద్ధంలో రథానికి దెబ్బ తగలకుండా చుట్టూ కట్టే కాపు. అలాంటి రథాలున్నది కాబట్టి సేన వరూథిని. సంస్కృత నిఘంటువుల్లో ‘థ’ ఉంటుంది, తెలుగులో ‘ధ’తో రాయడమే అలవాటు. పేరు వినగానే చాలామంది ఇదేదో పువ్వో, నదో, అమ్మవారి పేరో అనుకుంటారు. సైన్యం అని చెబితే ఒక క్షణం ఆగి మళ్లీ నా మొహం చూస్తారు. ఈ పేరులో నాకు మొదటినుంచీ నచ్చింది ఇదే. సున్నితమైన అర్థమున్న పేర్లు ఆడపిల్లలకి ఎన్నో ఉన్నాయి, కాపు కాసే సేన అనే అర్థమున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఈ పేరు ఎందుకు అరుదుగా మిగిలిందో నేను చాలా ఆలోచించాను. మనుచరిత్రలో వరూధిని తనని తాను పరిచయం చేసుకునే కంద పద్యం ఒకటుంది. ‘పేరు వరూధిని’ అని మొదలుపెట్టి, ఘృతాచి, తిలోత్తమ, హరిణి, హేమ, రంభ, శశిరేఖ తన ప్రాణసఖులని చెబుతుంది. ఆ ఏడు పేర్లనీ ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. హేమ మా అమ్మ తరంలోనూ నా తరంలోనూ ఇంటికొకరు. హరిణి ఇప్పుడు ఏ స్కూలు హాజరుపట్టీ చూసినా కనిపిస్తుంది. శశిరేఖ కాస్త పాతబడినా బతికే ఉంది, దానికి అభిమన్యుడి కథ కూడా తోడైంది. తిలోత్తమ అనే ఆవిడ పాతకాలపు ఇళ్లలో ఎక్కడో ఒకరు ఉండేవారు. రంభ అని పిల్లకి పెట్టడానికి ఎవరూ సాహసించరు. ఘృతాచి అని ఎవరైనా పెట్టుకోగా నేను వినలేదు. వరూధిని వీటికి మధ్యలో ఎక్కడో ఉండిపోయింది. తెలిసినవాళ్లకి చాలా బాగా తెలుసు, పెట్టుకునేవాళ్లు మాత్రం తక్కువ. పలకడం కష్టమనుకుందామా అంటే నాలుగక్షరాలే, సంయుక్తాక్షరం ఒక్కటి లేదు. కారణం కథే.

ఎస్.వి.రంగారావు తొలి సినిమా ఈ పేరుతోనే 1940ల్లో వచ్చింది, ఆయనే ప్రవరుడు. దానివల్ల పేరు ఊరూరా పాకిందేమీ లేదు. 2013లో జీ తెలుగులో వరూధిని పరిణయం సీరియల్ మొదలయ్యాక మాత్రం నాకు తేడా బాగా తెలిసింది. అంతకుముందు గ్యాస్ బుకింగుకి ఫోన్ చేసినా, కొరియర్ అబ్బాయి పిలిచినా రెండుమూడుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఆ తర్వాత, “ఓ, సీరియల్లో పేరా మేడమ్” అని ఒక్కసారికే రాసుకునేవారు. పద్యం తెలియని ఇళ్లలోకి పేరు వెళ్లిందంటే ఆ సీరియల్ పుణ్యమే. కృతజ్ఞతతోనే చెబుతున్నాను.

ఇక వాడకం. చిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఇంట్లో వరూ, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వరూధమ్మ. హైస్కూల్లో తెలుగు పాఠంలో ప్రవరుడు వచ్చేదాకా నా పేరు నాదే. ఆ పాఠం మొదలైన రోజు నుంచి క్లాసంతా నా వైపు తిరిగింది. మన భాషలో ఆ కథ ఎంతగా కలిసిపోయిందంటే, ఆడవాళ్ల వైపు కన్నెత్తి చూడనట్టు ఉండే అబ్బాయిని ఇప్పటికీ ‘వీడో ప్రవరాఖ్యుడు’ అంటాం. ఆ మాట ఉన్నన్నాళ్లూ వరూధిని పేరున్న అమ్మాయికి దాని రెండో సగం తగులుతూనే ఉంటుంది. కాలేజీలో ‘ఇంతలు కన్నులుండ’ అని వెనకనుంచి పద్యం ఎత్తుకునేవాళ్లు. దారి తప్పిన ప్రవరుడు దారి చెప్పమంటే, అంతంత కళ్లున్నవాడివి ఎవరిని అడుగుతావయ్యా అని వరూధిని అన్న మాట అది. నా పెళ్లిలో పురోహితుడు రెండు గోత్రాల ప్రవర, అంటే వంశ ఋషుల పేర్ల వరుస, చదవడం మొదలుపెట్టగానే పీటల చుట్టూ ఉన్న మా బాబాయిలు, మామయ్యలు పగలబడి నవ్వారు. మా ఆయనకి విషయం అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఇవన్నీ మీ అమ్మాయికీ జరుగుతాయి. తెలుగు పాఠాలు తగ్గిపోతున్నాయి కాబట్టి కాస్త తక్కువగా జరుగుతాయేమో. అది నాకు సంతోషం కలిగించే విషయం మాత్రం కాదు.

మా నాన్నమ్మ అభ్యంతరానికి వస్తాను. సగం కథ తెలిసినవాళ్ల లెక్కలో వరూధిని అంటే బ్రాహ్మణుడి వెంటపడి తిరస్కారం పొందిన అప్సరస. కాలికి రాసుకున్న పసరు మంచుకి కరిగిపోయి, ఇంటికి వెళ్లలేక హిమాలయాల్లో చిక్కుకున్న ఒక గృహస్థుని నిష్ఠని పరీక్షించడానికే ఆమె పుట్టినట్టు మాట్లాడతారు. పద్యాలు చదివితే కనిపించే మనిషి వేరు. ఆమె మోసం చేయదు, వేషం మార్చదు, మంత్రం వేయదు. ‘నిక్కము దాపనేల’ అంటుంది. నిజం దాచడమెందుకు, నా మనసు నీ మీద చిక్కుకుంది అని మొహం మీద చెబుతుంది. అతను నిత్యకర్మలు, ఇల్లు అంటూ వెనక్కి తగ్గితే ‘ఆనందో బ్రహ్మ’ అనే ఉపనిషత్తు మాట తీసుకొచ్చి వాదిస్తుంది. వేదం చదివినవాడితో వేదం మాటతోనే వాదించిన ఆడమనిషి. అతని మాటలో నిజం ఉంది, ఆమె మాటలోనూ నిజం ఉంది. పెద్దన ఇద్దరినీ సమానంగా ప్రేమించి రాశాడు కాబట్టే ఆ ఘట్టం అయిదు వందల ఏళ్లు నిలిచింది. అతను తోసేస్తే ఆమె ఏడుస్తుంది. తెలుగు మాస్టార్లు ప్రబంధాల్లో అందంగా ఏడ్చినవాళ్లని పోల్చేటప్పుడు సత్యభామ, వసుచరిత్రలోని గిరికలతో పాటు వరూధినిని చెబుతారు. నాకు ఆ ఏడుపు కన్నా అంతకుముందు ఆమె మాట్లాడిన తీరే ముఖ్యం.

తర్వాత జరిగింది బాధాకరం, దాన్ని దాచి పేరు పెట్టకూడదు. అంతకుముందు ఆమె కాదన్న ఒక గంధర్వుడు ప్రవరుడి రూపంలో వచ్చి ఆమెని మోసగిస్తాడు. ఆమె నమ్మింది ప్రవరుడనే. వాళ్లకి పుట్టినవాడు స్వరోచి, స్వరోచి కొడుకు స్వారోచిష మనువు. పద్నాలుగు మంది మనువుల్లో రెండోవాడు. మనుచరిత్ర అనే పేరు ఆ మనువు వల్ల వచ్చింది. అంటే వరూధిని ఒక మన్వంతరానికి అధిపతి అయినవాడి నాన్నమ్మ. మోసపోయిన మనిషికి మచ్చ అంటగట్టి, మోసం చేసినవాడి పేరు కూడా గుర్తుపెట్టుకోని లోకం తీరు మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. మీ అమ్మాయికి పదమూడు పద్నాలుగేళ్లు వచ్చాక ఈ భాగం మీరే కూర్చోబెట్టి చెప్పండి. స్నేహితుల నోట వెటకారంగా వినేకంటే అమ్మ నోట, అత్త నోట వింటే ఆ పేరు తలెత్తుకుని మోస్తుంది. నాకు మా తాతగారు చెప్పారు. అందుకే క్లాసులో ఎవరైనా పద్యం ఎత్తుకుంటే మిగతా మూడు పాదాలు నేనే పూర్తిచేసేదాన్ని. ఆ తర్వాత పెద్దగా ఏడిపించినవాళ్లు లేరు.

పలకడంలో వచ్చే చిక్కులు చెప్పుకోదగ్గవే. తొందరలో విన్నవాళ్లకి ‘విరోధిని’ అని వినబడుతుంది. ఆసుపత్రి కౌంటర్లో అలా పిలిస్తే మొదట్లో ఒళ్లు మండేది. వరుధిని అని పొట్టిగా పిలిచేవాళ్లు ఎక్కువ. ‘రూ’ మీద దీర్ఘం పోతే పేరుకి ఒంపు పోతుంది, అది మాత్రం నేను సరిదిద్దకుండా వదలను. ఉద్యోగం మీద కొన్నేళ్లు చెన్నైలో ఉన్నాం. అక్కడ త, ద, ధ అన్నిటికీ ఒకే అక్షరం కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు పలికేవారు. ఉత్తరాదివాళ్లకి ఈ పేరు మనకంటే తేలికగా తెలుసు, కారణం వరూథినీ ఏకాదశి. మన లెక్కలో చైత్ర బహుళ ఏకాదశి, వాళ్ల లెక్కలో వైశాఖ కృష్ణ ఏకాదశి. మా ఆఫీసులో ఒక హిందీ ఆవిడ ఏటా ఆ రోజు నాకు శుభాకాంక్షలు చెప్పేది. అప్సరస సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. ఒకే పేరు ఒకచోట శృంగార ప్రబంధం, ఇంకోచోట ఉపవాసం. అమెరికాలో ఉన్న మా అక్క కూతురు తన పాపకి ఈ పేరే పెట్టింది. అక్కడి టీచర్లు వరు అంటారట, పాపకీ అదే ఇష్టమట. మనుచరిత్రకి వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2015లో వచ్చింది కాబట్టి, పెద్దయ్యాక తన పేరు ఎక్కడిదో తనే చదువుకోగలదు. నా తరంలో బయట పెరిగిన తెలుగు పిల్లలకి ఆ వీలు లేదు.

అసలైన టెన్షన్ ఇంగ్లీషు స్పెల్లింగుతో. ‘రూ’కి ఒక యూ రాస్తారా, రెండు ఓలు రాస్తారా, ‘ధి’కి డీ పక్కన హెచ్ ఉంటుందా లేదా అన్నదాన్ని బట్టి నా పేరు నా కాగితాల్లోనే నాలుగు రకాలుగా ఉండేది. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకటి, ఒక బ్యాంకు పాసుపుస్తకంలో ఇంకొకటి. మా నాన్నగారు పోయాక ఆయన డిపాజిట్ నా పేరుకి మార్చడానికి నోటరీ అఫిడవిట్ పట్టుకుని నెలల తరబడి తిరిగాను. ఇద్దరూ ఒకరే అని నిరూపించుకోవడం ఎంత విసుగో చెప్పలేను. జనన ధృవీకరణ పత్రంలో ఏది రాయిస్తారో అదే చివరిదాకా ఉంచండి. న్యూమరాలజీ పేరుతో మధ్యలో ఒక అక్షరం చేర్చమని ఎవరు చెప్పినా వినొద్దు.

నక్షత్రం చూసుకునేవాళ్లకి: రోహిణి పాదాలకి ఓ, వా, వీ, వూ అంటారు. రెండో పాదంలో పుట్టిన పిల్లకి వరూధిని సరిగ్గా కుదురుతుంది. ఇంటిపేరు మరీ పొడుగైతే ఫారాల్లో గళ్లు సరిపోవు, కాబట్టి ఇంకో పేరు తగిలించకుండా ఒక్క వరూధిని చాలు. వెంకట వరూధిని, సాయి వరూధిని లాంటివి నాకు నచ్చవు. ఈ పేరుకి ముందు తోడు అక్కర్లేదు.

ఎవరు పెట్టుకోకపోతే మంచిదో కూడా చెప్పాలి. పెద్దవాళ్లు అప్సరస అని ముఖం చిట్లిస్తే సర్దిచెప్పే ఓపిక లేనివాళ్లు, కథ చెప్పడానికి మొహమాటపడేవాళ్లు వేరే పేరు చూసుకోండి. హరిణి ఉంది, హేమ ఉంది, వాళ్లూ ఆమె స్నేహితులే. పెట్టుకునేవాళ్లు మాత్రం ముద్దుపేరు ఏమిటో నామకరణం రోజే మీరే తేల్చండి. లేకపోతే చుట్టాలు వర అని మొదలుపెడతారు. ఇంకో ఏడాదికి ఊరంతా పిల్ల పేరు వరలక్ష్మి అనుకుంటుంది. వరూ అనండి, దీర్ఘం పోనివ్వకండి.