ఐదేళ్ళు, రెండు ఈ-రీడర్లు, ఒక స్కూలు బ్యాగు

పెట్టె విప్పిన రోజే సమీక్ష రాసేసేవాళ్ళు ఉంటారు. నాకు ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదువుకోవడానికే చేసిన ఈ చిన్న తెర, సంగతి తేలడానికి ఐదేళ్ళు పట్టింది. ఇప్పుడు మేం వాడుతున్నది రెండోది. మొదటిది అల్మారాలో, సగం పేజీ చూపిస్తూ పడి ఉంది. ఆ కథ తర్వాత చెప్తాను.

మేముండేది హైదరాబాద్‌లో, వనస్థలిపురంలో. ఇద్దరు పిల్లలు, మా ఆయన, అత్తమ్మ, నేను. 2020లో స్కూళ్ళు మూతపడ్డప్పుడు పెద్దది మూడో తరగతి, చిన్నోడు యూకేజీ. పొద్దున ఫోన్‌లో క్లాసు, మధ్యాహ్నం ఫోన్‌లో హోంవర్కు, సాయంత్రం అదే ఫోన్‌లో కార్టూన్లు. లైబ్రరీ తెరవరు, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాలు లేవు. ఇంట్లో ఉన్నవన్నీ మూడేసిసార్లు చదివేసి, చివరికి పెద్దది గ్యాస్ స్టవ్‌తో వచ్చిన మాన్యువల్ పట్టుకుని కూర్చుంటే చూడలేక, పదకొండు వేలు పెట్టి కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఆరంగుళాల నలుపు తెలుపు తెర, మామూలు రకం. నేను చెప్పేవాటిలో చాలా వరకు ఈ జాతి అంతటికీ వర్తిస్తాయి.

దీని గొప్పతనం ఏంటంటే, ఇది చదువుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. వీడియో ఆడదు, గేమ్ లేదు, వాట్సాప్ మోగదు. బ్రౌజర్ అని ఒకటుంది కానీ అది తెరుచుకునేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. పిల్లలు మొదటి వారం దాన్ని పొడిచి పొడిచి చూశారు. ఏమీ జరగలేదు. ఇక గతి లేక చదవడం మొదలెట్టారు. అదే టాబ్లెట్ కొనిచ్చి "దీంట్లో పుస్తకాలు మాత్రమే చదవండి" అని చెప్పిన ఇళ్ళు నాకు తెలుసు. అక్కడ పుస్తకాలు తప్ప అన్నీ నడుస్తున్నాయి.

తెర గురించి రెండు ముక్కలు. ఫోన్‌లో వెలుగు తెర వెనక నుంచి మన కళ్ళలోకి వస్తుంది. ఇందులో తెర లోపల వెంట్రుకంత సన్నని బుడగలుంటాయి, వాటిలో తెల్లవి, నల్లవి రంగు రేణువులు. కరెంటు తగిలితే ఏవో ఒకటి పైకి తేలతాయి, అంతే, అక్షరం అచ్చు పడినట్టు నిలబడుతుంది. పేజీ తిప్పేటప్పుడు తప్ప ఆ అక్షరానికి మళ్ళీ కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ వారాలకు వారాలు రావడం అందుకే. ఎండలో కూడా కాగితంలాగే కనబడుతుంది. రాత్రికి అంచుల్లోంచి తెర మీదకి పడే చిన్న లైటు ఉంది. కళ్ళకి మంచిదని మాత్రం నేను సర్టిఫికెట్ ఇవ్వను. ముక్కుకి ఆనించుకుని గంటలు గంటలు చదివితే కాగితమైనా ఒకటే. మా పెద్దదానికి ఆరో తరగతిలో అద్దాలు వచ్చాయి.

స్కూళ్ళు తెరిచాక పగలంతా ఇది నాది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే అమీర్‌పేట దాకా నిలబడే చదువుతాను. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పుస్తకం, బొటనవేలితో పేజీ. ఆరొందల పేజీల లావు పుస్తకంతో ఆ విద్య కుదరదు. సాయంత్రం ఆరు దాటాక పిల్లలది. ఒకటే అకౌంటు కాబట్టి మొదట్లో నా హత్యల నవలల అట్టలన్నీ చిన్నోడి బొమ్మల కథల పక్కన కనిపించేవి. "అమ్మా, ఈ అంకుల్‌ని ఎవరు చంపారు?" అని అన్నం తింటూ అడిగాడు. కొన్న రోజే పిల్లల ప్రొఫైల్ వేరుగా పెట్టుకోండి.

ఇంకోటి. ఇందులో పేజీ నంబరు కంటే శాతమే ఎక్కువ కనబడుతుంది. కింద మూల 12 శాతం, 43 శాతం అని వస్తూ ఉంటుంది. మా ఇంట్లో అదొక పందెం అయిపోయింది. "నేను అరవైలో ఉన్నా, నువ్వెంత?" అని. చిన్నోడు రెండో తరగతిలో ఒక్క రాత్రిలో ముప్ఫై నుంచి తొంభైకి వెళ్ళాడు. కథ చెప్పరా అంటే నీళ్ళు నమిలాడు. చదవకుండా వేలితో టపటపా కొట్టుకుంటూ పోయాడన్నమాట. కాగితం పుస్తకానికి ఈ జబ్బు లేదు. ఎంత అయింది, ఎంత మిగిలింది అనేది చేతికే తెలుస్తుంది, దాంతో పోటీ పడాలనిపించదు. శాతం కనపడకుండా చేసే వీలు సెట్టింగుల్లో ఉందని నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఆ సగం పేజీ కథ. 2022లో పెద్దది ఐదో తరగతి. స్కూల్లో ఇలాంటివి తేకూడదు. అయినా సగంలో ఉన్న నవలని ఆపుకోలేక, నాకు చెప్పకుండా బ్యాగులో స్టీలు టిఫిన్ డబ్బాకీ లెక్కల పుస్తకానికీ మధ్య పెట్టి తీసుకెళ్ళింది. సాయంత్రం తెర మీద పై సగంలో ఒక పేజీ కదలకుండా ఉండిపోయింది, కింద సగం బూడిద గీతలు. పైన చూస్తే గీత కూడా పడలేదు. లోపలి గాజు పొర మాత్రం పగిలింది. ఫోన్లు బాగుచేసే జగదీష్ మార్కెట్‌కి తీసుకెళ్తే అక్కడి కుర్రాడు అటూ ఇటూ తిప్పి చూసి, "మేడమ్, దీని స్క్రీన్ రేటుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తది" అన్నాడు. నిజమే చెప్పాడు. వీటికి రిపేరు అనేది దాదాపు లేనట్టే లెక్క. పెద్దది రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తిడదామనుకున్నా గానీ, పుస్తకం ఆపలేక దొంగతనంగా స్కూలుకి మోసుకెళ్ళిన పిల్లని ఏమని తిట్టను? ఆ చచ్చిన తెర మీద నిలిచిపోయిన పది వరుసలూ ఇప్పటికీ చదువుకోవచ్చు, మూడేళ్ళు దాటినా చెక్కుచెదరలేదు. కరెంటు అక్కర్లేదు అంటే ఏంటో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

రెండోది కొన్నప్పుడు గట్టి అట్ట ఉన్న కవరు కూడా కొన్నాం. ఆరొందలు. మొదటిసారి మిగిలించిన ఆరొందలే మనల్ని ముంచాయని మా ఆయన ఇప్పటికీ అంటారు. మూడేళ్ళు దాటింది, బ్యాటరీ నెల వచ్చేది కాస్తా రెండు వారాలకి దిగింది, మిగతాదంతా బాగానే ఉంది.

ఇక అసలు విషయం, తెలుగు.

కొనేటప్పుడు నాకు ఈ ఆలోచనే రాలేదు. ఇంగ్లీషు పుస్తకాలు కుప్పలు. నచ్చుతుందో లేదో చూడ్డానికి మొదటి అధ్యాయం ఉచితం. తెలియని పదం మీద వేలు పెడితే అర్థం వస్తుంది. ఒక సిరీస్‌లో మొదటిది అయిపోగానే రెండోది కళ్ళ ముందు పెడుతుంది. పెద్దది ఏడాదిలో యాభై దాకా లాగించింది, అన్నీ ఇంగ్లీషే. ఈ-రీడర్‌లోంచే పుస్తకాలు కొనే అదే షాపులో హిందీ, తమిళం దొరికాయి. తెలుగులో పిల్లల పుస్తకం కోసం వెతికితే పనికొచ్చేది ఒక్కటీ తగల్లేదు. తెలుగు పదం మీద వేలు పెడితే డిక్షనరీ మౌనం.

సరే, మనమే నింపుకుందాం అని కూర్చున్నాను. పాత పిల్లల పత్రికల స్కాన్లు దొరికాయి. కానీ అవి పేజీని ఫోటో తీసినవి. పెద్ద పేజీని ఆరంగుళాల తెరలో ఇరికిస్తే అక్షరాలు చీమల బారు. పెద్దది చేస్తే వరుస ఒక పక్క, బొమ్మ ఒక పక్క, కథ ఎక్కడో. ఎవరో పంపిన తెలుగు పీడీఎఫ్‌లోంచి అక్షరాలు బయటికి తీద్దామంటే ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, ప్రశ్నార్థకాల కిచిడీ వచ్చింది. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరం తెలుగుగానే ఉండే పద్ధతి) అలవాటు కాకముందు, అచ్చు కోసం కంప్యూటర్లలో వాడిన పాత ఫాంట్లతో కూర్చిన పుస్తకాలతో ఇదే గోల. పైకి తెలుగు, లోపల ఇంకేదో.

పని చేసింది తెలుగు వికీసోర్స్, నెట్‌లో పాత పుస్తకాలు ఉచితంగా పెట్టే చోటు. అక్కడి పుస్తకాలని ఈపబ్‌గా (అక్షరం సైజు మార్చుకోగలిగే ఈ-పుస్తకం ఫైలుగా) దించుకుని ఈ-రీడర్‌కి పంపితే అక్షరాలు చక్కగా, కావలసినంత సైజులో వచ్చాయి. అయితే మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళకి గానీ కాపీరైటు తీరదు. అంటే అలా ఉచితంగా దొరికేదాంట్లో ఎక్కువ భాగం తాతల కాలం నాటిది, చాలావరకు గ్రాంథికం. పెద్దది రెండు పేజీలు చదివి "అమ్మా, ఇది తెలుగేనా?" అంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి, చిన్నోడికి తెగ నచ్చాయి. కానీ వాటి ప్రాణమంతా రంగుల్లో ఉంది. ఈ తెర మీద నెమలి కూడా బూడిద రంగే. వాటిని కంప్యూటర్‌లోనే చూపించాను.

ఇంత శ్రమ ఎవరు పడతారు? నేనే ఆరు నెలల్లో వదిలేశాను. ఫలితం ఏడో తరగతిలో తెలిసింది. ఇంగ్లీషు నవల రెండు రోజుల్లో మింగేసే పిల్ల, తెలుగు వాచకంలో ఒక్క పేజీ బయటికి చదవమంటే వత్తు వత్తుకీ ఆగుతోంది. తెలంగాణ 2018 చట్టంతో స్కూళ్ళలో తెలుగు తప్పనిసరి అయింది, మార్కులు బాగానే వస్తున్నాయి. చదవాలన్న ఆకలి మాత్రం లేదు. దీనికి యంత్రాన్ని తిట్టను. ఏది సులువుగా అందితే పిల్లలు అదే తింటారు, నేను అందించింది అదొక్కటే.

అందుకని రెండేళ్ళ నుంచి లెక్క మార్చాం. ఇంగ్లీషు ఈ-రీడర్‌లో, తెలుగు కాగితం మీద. తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళ దగ్గర చిన్న చిన్న పుస్తకాలు దొరుకుతాయి, చిన్నోడు ఒక్కసారి కూర్చుంటే అవగొట్టగలిగినవి. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్‌కి ఒక పూట కేటాయిస్తాం. తలా ఐదొందలు, అందులో సగానికి తెలుగే కొనాలని రూలు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద తెలుగు పిల్లల పుస్తకం దొరకడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారం, అయినా వెతకడమే సరదా. వెతుకులాట అయ్యాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు ఉంటాయి కాబట్టి చిన్నోడు ఎప్పుడూ రెడీ. ఇక ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు ఎలాగూ కడుతున్నాం, దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి పోయి వసూలు చేసుకుంటున్నాం. అక్కడ పోటీ పరీక్షల పిల్లలతో కుర్చీ ఖాళీ ఉండదు, పుస్తకం తెచ్చుకుని వచ్చేయడమే.

కొనొచ్చా అని అడిగేవాళ్ళకి: ఇంట్లో బాగా చదివే పిల్ల ఉంటే కొనండి, రెండేళ్ళలో గిట్టుబాటవుతుంది. చదవని పిల్లకి చదువు అలవాటవుతుందని మాత్రం కొనకండి. మా చిన్నోడికి ఇప్పటికీ ఐదో తరగతిలో దీని మీద పెద్ద మోజు లేదు, వాడికి బొమ్మల పుస్తకం కావాలి, నేల మీద పరుచుకుని బోర్లా పడుకుని చదవాలి. ఆరేడేళ్ళ లోపు పిల్లలకి అసలు వద్దు.

మేం ఊహించని వాడకందారు మా అత్తమ్మ. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కూడా సన్నక్షరాలు ఆనక పుస్తకాలు పక్కన పెట్టేసింది. నేను వదిలేసిన వికీసోర్స్ పుస్తకాలు ఆమెకి అక్కరకొచ్చాయి, గ్రాంథికం ఆమెకి అడ్డం కాదు. మొదటిరోజు చూసి "గిదేందే, పై వరుస వత్తులు కింద గుడుల మీద ఎక్కినయ్?" అంది. నిజమే, తెలుగుకి పైనా కిందా చోటు కావాలి, ఇంగ్లీషుకి సరిపోయే ఎడం చాలదు. వరుసల మధ్య దూరం మొత్తం పెంచితే సర్దుకుంది. అయితే ఆమెకి ఆనేంత అక్షరం పెడితే తెర మీద ఐదు వరుసలకి మించి పట్టడం లేదు. రెండు నిమిషాలకోసారి పేజీ తిప్పడం విసుగు. దాంతో పెద్దదాన్ని పిలిచి, "పేజీకి రూపాయిస్త, చదివి పెట్టే" అంది.

వారం పాటు రోజూ రాత్రి హాల్లోంచి తెలుగు వినబడింది. వత్తులు తప్పినప్పుడల్లా అత్తమ్మ సరిచేస్తోంది, అర్థం కానిచోట విడమర్చి చెప్తోంది. నేను వంటింట్లోంచి విని మురిసిపోయాను. ఎనిమిదో రోజు లెక్క చూస్తే నూట డెబ్భై రూపాయలు అయింది. అంత చిన్న పుస్తకానికి ఇన్ని పేజీలేంటని అత్తమ్మ అద్దాలు పెట్టుకుని తెర తిప్పి చూసింది. కళ్ళు బాగానే ఆనే పిల్ల, అక్షరం సైజు ఇంకా రెండు మెట్లు పెంచి, పేజీకి మూడు వరుసలు చదువుతోంది.

ఇప్పుడు పేజీ లెక్క తీసేశారు. శాతానికి రెండు రూపాయలు.