జాగ్రత్త! మన హాస్టల్ వైఫై తాళం వేరేవాళ్ళ ఫోన్లో ఉండిపోతుంది

రాత్రి పదకొండున్నర. ఇప్పుడే గేటుకి తాళం వేసి వచ్చి కూర్చున్నా. కోపం తగ్గినాక రాద్దామని నిన్నంతా ఆగినాను, తగ్గలేదు. తిరుపతిలో లేడీస్ హాస్టళ్ళు, పీజీలు నడిపేవాళ్ళు నాలాగా ఇంకొకరు మోసపోకూడదని ఇప్పుడే రాస్తున్నా. తప్పులుంటే మన్నించండి.

మా హాస్టల్లో వైఫై పెట్టి నన్ను మోసం చేసిన మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. పోయిన నెల మన హాస్టళ్ళ వాట్సాప్ గ్రూపులో తిరిగిన విజిటింగ్ కార్డే. పేరు ఇక్కడ రాయను. మాది పద్మావతి మహిళా యూనివర్సిటీకి దగ్గర్లో, కింద ఇల్లు, పైన రెండు మిద్దెలు, 34 మంది అమ్మాయిలు. రౌటర్ కింద నా గదిలో ఉండాది, 300 ఎంబీపీఎస్ ప్లాను. శ్లాబు దాటి సిగ్నల్ పైకి పోదు. ఒక అమ్మాయికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలో తెగిపోయింది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే చూడలేక ఆ కార్డు తీసి నేనే ఫోన్ చేసినా.

వచ్చినాడు, చూసినాడు. అంతస్తుకొక యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా, సీలింగుకి పెట్టాలన్నాడు. ఒక్కోటి 6,500 చొప్పున మూడింటికి 19,500. కేబుల్ 90 మీటర్లు, మీటరు 45 లెక్కన 4,050. కేబుల్లోంచే నెట్‌తో పాటు కరెంటు కూడా పంపే స్విచ్ అనే డబ్బా 4,200. కూలి 3,000. మొత్తం 30,750 రూపాయలు. జీఎస్టీ బిల్లు అడిగితే బిల్లు వేస్తే ఇంకా పెరుగుతుంది మేడం అని తెల్ల కాగితం మీద ఎస్టిమేట్ రాసి ఇచ్చినాడు. నేను సరేనన్నా. అది నా తప్పు, ఒప్పుకుంటా. 15,000 అడ్వాన్సు ఫోన్‌పే చేసినా.

గురువారం పని అయిపోయింది. మూడు చోట్లా లైటు వెలిగింది. కింద రౌటర్ పక్కనే నిలబడి తన ఫోన్లో స్పీడు టెస్టు చేసి 280 చూపించినాడు. ఆ తర్వాత అదే ఫోన్లో ఒక యాప్ తెరిచి, "చూడండి మేడం, ఎవరెవరు కనెక్ట్ అయినారో మొత్తం తెలుస్తుంది" అని నా ముందు పెట్టినాడు. మా అమ్మాయిల ఫోన్లు వరసగా కనిపించినాయి. కొందరు ఫోనుకి సొంత పేరే పెట్టుకుంటారు కదా, ఆ పేర్లతో సహా, ఏ అంతస్తులో ఉండారో కూడా. నేనేమన్నానో తెలుసా? "బాగుండాది నాయనా" అన్నా. మిగిలిన 15,750 అక్కడికక్కడే పంపేసినా. ఇంకో సైటు ఉంది మేడం అని నిచ్చెన చంకలో పెట్టుకుని పోయినాడు.

ఆ యాప్ ఆయన ఫోన్లో ఉండాది. నా ఫోన్లో కాదు. ఆ మాట నాకు అప్పుడు తట్టలేదు. రెండు రోజుల నుంచి అది తలుచుకుని నన్ను నేనే తిట్టుకుంటా ఉండాను.

శుక్రవారం నుంచే పైనుంచి కంప్లైంట్లు. మొదటి మిద్దెలో, రెండో మిద్దెలో స్పీడు 94 దగ్గర ఆగిపోతుంది. తెల్లవారుజామున అందరూ పడుకున్నప్పుడు చూసినా 94, రాత్రి చూసినా 94 లేదా ఇంకా తక్కువ. ఒక్కసారి కూడా 95 దాటలేదు. మా దగ్గర ఎంసీఏ చదివే అమ్మాయి ఒకామె ఉండాది, ఆమె చెప్పింది. "ఆంటీ, వైఫై బలహీనంగా ఉంటే స్పీడు పైకీ కిందికీ ఊగుతుంది. ఇట్లా ఒకే అంకె దగ్గర నిలబడిందంటే లోపల కేబుల్ 100 దగ్గర ఆగినట్టు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇప్పించండి, సెట్టింగుల్లో చూస్తా" అన్నది.

శనివారం రాత్రి భోజనాల టైములో ఫోన్ చేసినా. ఒక చేత్తో వడ్డిస్తా ఉండాను కాబట్టి స్పీకర్లో పెట్టినా. ఏడెనిమిది మంది అమ్మాయిలు తట్టలు పట్టుకుని సాంబారు గిన్నె దగ్గర నిలబడి ఉండారు.

నాయనా, అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి అన్నా. ఇవ్వం మేడం అన్నాడు. ఎందుకు అన్నా. మా దగ్గర రూలు అంతే, ఏం మార్చాలన్నా మమ్మల్ని పిలవండి, విజిటింగ్ చార్జీ 500 అన్నాడు. వస్తువు నాది, డబ్బంతా కట్టినా, నా ఇంటి తాళం నీ దగ్గరెందుకు అని అడిగినా. అప్పుడన్నాడు ఈ మాట:

"ఇవన్నీ మీకు చెప్పినా అర్థం కావు మేడం. మీ సార్ ఉంటే ఫోన్ ఇవ్వండి, ఆయనతో మాట్లాడతా."

మా ఆయన పోయి ఆరేళ్ళు. గ్యాస్ బండ దగ్గర నుంచి కార్పొరేషన్ పన్ను దాకా ఈ హాస్టల్ నేనే నడుపుతా ఉండాను. ఆ పిల్లలందరికీ ఆ సంగతి తెలుసు. ఒకమ్మాయి గబుక్కున తల దించుకుంది. ఇంకొకామె స్పీకర్ తీసేద్దామని ఫోన్ వైపు చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది. "సార్ లేరు. డబ్బు కట్టింది నేను, నాతోనే మాట్లాడు" అన్నా. అటు నుంచి నవ్వు వినిపించింది, పక్కన ఇంకెవరో ఉన్నట్టుండారు. ఫోన్ పెట్టేసినాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

గరిటె సాంబారు గిన్నెలోనే వదిలేసి లోపలికి పోయినా. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. ముప్పై వేలు పోతే ఎట్లాగో సంపాదించుకుంటాం. నేను కని పెంచకపోయినా ఆ పిల్లలు నా మీద నమ్మకంతో ఉండారు, వాళ్ళ అమ్మానాన్నలు నా ముఖం చూసి వదిలిపెట్టి పోయినారు. వాళ్ళ ముందు నాకేమీ తెలియదన్నట్టు మాట్లాడినాడు చూడండి, అది మింగుడు పడలేదు.

తొమ్మిదిన్నరకి ఆ ఎంసీఏ అమ్మాయే వచ్చి తలుపు కొట్టింది. "ఆంటీ, స్టూలు పట్టుకోండి, పైకెక్కి చూస్తా" అన్నది. మొదటి మిద్దె వరండాలో సీలింగుకి ఉన్న డబ్బాని మెల్లగా తిప్పితే చేతికి వచ్చేసింది. వెనక కేబుల్ ఊడబీకి, కొసన ఉన్న గాజులాంటి కనెక్టర్ని ఫోన్ టార్చి వెలుగులో నాకు చూపించింది. నెట్‌వర్క్ కేబుల్లో ఎనిమిది సన్న తీగలుంటాయి, రెండేసి చొప్పున నాలుగు జతలు: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు. 1000 ఎంబీపీఎస్ పోవాలంటే ఎనిమిదీ కావాలి. నాలుగే కలిపితే 100 దగ్గర ఆగిపోతుంది. మా కనెక్టర్లో ఉండేది నారింజ జత, ఆకుపచ్చ జత. అంతే. పక్కన నాలుగు అరలు ఖాళీ.

మరి నీలం, గోధుమ తీగలేమయినాయి? కత్తిరించినట్టు లేదు. కేసింగ్ పట్టీ మూత ఊడదీసి చూస్తే ఆ నాలుగూ నల్ల టేపు చుట్టుకుని పై మిద్దెకి పోతా ఉండాయి! పైకి పోయి రెండో డబ్బా విప్పినాం. దాని కనెక్టర్లో నీలం, గోధుమ తీగలు మాత్రమే. ఒకే కేబుల్ని చీల్చి రెండు మిద్దెలకీ పంచినాడు. కింద స్విచ్ దగ్గర కూడా అట్లాగే ఒక కేబుల్ రెండు కనెక్టర్లుగా చీలి ఉండాది. కరెంటు పంపడానికి ఆ నాలుగు తీగలు చాలంట, అందుకే అన్నిచోట్లా లైటు వెలిగింది. లైటు వెలిగితే పని జరిగినట్టే అని నేను నమ్మేసినా.

కేబుల్ మీద మీటరు మీటరుకీ అంకె అచ్చు వేసి ఉంటుందని కూడా ఆ రాత్రే తెలిసింది. స్విచ్ దగ్గర 118, పై మిద్దె చివర 160. అంటే 42 మీటర్లు. కింద అంతస్తుకి వేసింది 9. మొత్తం 51 మీటర్లు వేసి 90కి తీసుకున్నాడు. 39 మీటర్లకి 1,755 రూపాయలు ఊరికే పోయినాయి.

ఇంకొక్క గంట కూడా ఆ యాప్ ఆయన ఫోన్లో ఉండకూడదని ఆ రాత్రే మూడింటినీ రీసెట్ చేసేసినాం. చిన్న రంధ్రంలో పిన్నీసు పెట్టి లైటు మారిందాకా నొక్కి పట్టుకోవడమే, పది సెకన్ల పని. డబ్బా వెనక స్టిక్కర్ మీద మొదటిసారి లాగిన్ వివరాలుంటాయి, వాటితో లోపలికి పోయినాం. ఈసారి అకౌంటు నా మెయిలుతో, నా ఫోన్లో. మూడింటికీ ఒకటే వైఫై పేరు, ఒకటే పాస్‌వర్డ్ పెట్టినాం, పై నుంచి కిందికి నడిచి వచ్చినా ఫోన్ దానంతట అదే దగ్గర డబ్బాకి మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండులో ఆయన మూడింటినీ 6వ చానల్ మీదే వదిలేసి పోయినాడంట, ఒకదాని మాట ఇంకొకదానికి అడ్డం. ఆ అమ్మాయి 1, 6, 11గా విడదీసింది. ఆ మూడే ఒకదాని మీద ఒకటి పడవంట. ఒకరి ఫోన్ ఇంకొకరికి కనపడకుండా చేసే సెట్టింగు ఆన్ చేసింది, పాస్‌వర్డ్ లేకుండా బటన్ నొక్కి వైఫైలో కలిసే డబ్ల్యూపీఎస్ ఆపేసింది. రౌటర్ పాస్‌వర్డ్ కూడా ఆ రోజు ఆయనకి నేనే చెప్పినా కాబట్టి అదీ మార్చినాం. కెమెరాలు పెట్టింది వేరేవాళ్ళే, అయినా వాటి పాస్‌వర్డ్ కూడా మార్చేసినాం.

ఆయనకి ఇన్ని రోజులు ఏమేం కనిపించి ఉంటాయి అని అడిగినా. మెసేజీలు, ఫోటోలు చదవలేరు ఆంటీ, భయపడకండి అన్నది. కానీ ఏ ఫోన్ ఎన్ని గంటలకి వైఫైలో కలిసింది, ఎన్నింటికి విడిపోయింది అనేది కనిపిస్తుందంట. అంటే ఏ అమ్మాయి రాత్రి ఎన్నింటికి గదికి వచ్చింది, ఎవరు ఊరికి పోయినారు అనేది ఎవరో బయటి మనిషి తన షాపులో కూర్చుని చూడొచ్చు. చూసినాడని నేననను. చూడగలిగే వీలు వాడి చేతికి ఇచ్చింది నేను. అది నాకు సహించడం లేదు. మరునాడు పొద్దున టిఫిన్ దగ్గర అమ్మాయిలందరికీ జరిగింది దాచకుండా చెప్పినా. వాళ్ళకి తెలియాలి కదా.

ఈ పొద్దు 1915కి, వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినా. జీఎస్టీ బిల్లు లేదు, ఆ తెల్ల ఎస్టిమేట్, ఫోన్‌పే రసీదులు, వాట్సాప్ చాట్, కనెక్టర్ల ఫోటోలు అన్నీ జాగ్రత్త చేసినా. హాస్టల్ వ్యాపారం కదా, వినియోగదారు కింద రారు అని ఒకాయన అన్నాడు. బతుకుదెరువు కోసం స్వయంగా నడుపుకునేవాళ్ళని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతా. మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు కూడా లేదు. సాయంత్రం ఆ మనిషే ఫోన్ చేసినాడు, "ఏంది మేడం, చిన్నదానికి ఇంత చేస్తారా" అని. ఈసారి నేనే పెట్టేసినా.

పెట్టించుకునేవాళ్ళకి నాకు తెలిసింది చెప్తా. బిల్లు అడగండి, దాని మీద సీరియల్ నంబర్లు రాయించుకోండి. ఏ అంతస్తుకి ఆ అంతస్తు కేబుల్ విడిగా రావాలి. ప్రతి అంతస్తులోనూ మీరే నిలబడి మీ ఫోన్లో స్పీడు చూసుకోండి, కింద రౌటర్ పక్కన కాదు. అకౌంటు మీ ఫోన్లో, మీ మెయిలుతో తెరిపించుకుని, పాస్‌వర్డ్ మీ చేత్తో టైపు చేసినాకే మిగిలిన డబ్బు ఇవ్వండి.

ఆ కార్డు చూసి ఆయన చేత పెట్టించుకున్న లేడీస్ హాస్టళ్ళు మన గ్రూపులోనే ఇంకా రెండు మూడు ఉండాయి. అక్కా, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. ఇప్పుడే లేచి ఆ యాప్ ఎవరి ఫోన్లో ఉండాదో చూసుకోండి. రీసెట్ ఎట్లా చేయాలో తెలియకుంటే నాకు ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా పరవాలేదు, ఆ అమ్మాయి కూడా మేలుకునే ఉండాది.