మౌనాకియా దారా, మర్చిసన్ దారా? ఆదివాసీల నేల మీద భారీ టెలిస్కోపులకు ఏది మేలు?

ప్రపంచంలోనే పెద్దవనదగ్గ రెండు టెలిస్కోప్ ప్రాజెక్టుల్లో మన దేశానికి వాటా ఉంది. ఒకటి థర్టీ మీటర్ టెలిస్కోప్, పొట్టిగా టీఎంటీ. హవాయిలోని మౌనాకియా పర్వతం మీద కట్టాలని 2009లోనే ఖాయం చేశారు. దాని అద్దంలో ఉండే 492 పలకల్లో కొన్నిటిని పాలిష్ చేసే పని బెంగళూరు దగ్గరి హొసకోటెకు వచ్చింది. రెండోది స్క్వేర్ కిలోమీటర్ అర్రే, అంటే ఎస్‌కేఏ. ఇది ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే యాంటెన్నాల గుంపు. దాని కోసం కేంద్ర ప్రభుత్వం 1250 కోట్ల రూపాయలు కేటాయించింది. ఎస్‌కేఏలో సగం దక్షిణాఫ్రికాలో, సగం పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ ప్రాంతంలో లేస్తోంది. ఆస్ట్రేలియా సగం నుంచి 2025 మార్చిలో తొలి చిత్రం కూడా వచ్చేసింది. టీఎంటీకి మాత్రం ఇంకా పునాది పడలేదు.

ఈ తేడాకు డబ్బు కూడా కొంత కారణమే. అయితే టీఎంటీకి నిధుల కష్టాలు గట్టిగా తగిలేలోపే నేల కష్టాలు తగిలాయి. రెండు చోట్లా ఆ నేల ఆదివాసీలది. వాళ్లను ఎప్పుడు అడిగారు, వాళ్లు కాదంటే ఏం మారింది అన్న చోట ఈ రెండు దారులూ విడిపోయాయి.

ముందు మౌనాకియా. ఎత్తు 4205 మీటర్లు. పొడి గాలి, కదలని వాతావరణం, మబ్బులకు పైనుండే శిఖరం. ఖగోళ శాస్త్రవేత్తకు ఇంతకంటే ఏం కావాలి? హవాయి ఆదివాసీలకు అదే కొండ పూర్వీకుడితో సమానం. అక్కడి వైయౌ సరస్సులో పిల్లల బొడ్డుతాడు దాచే ఆచారం ఉంది. 1893లో హవాయి రాజ్యాన్ని కూలదోశారు, 1898లో అమెరికా కలిపేసుకుంది. రాజ్యపు భూములు ప్రభుత్వం చేతికి పోయాయి. ఆ భూముల్లోదే ఈ శిఖరం. 1968లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని హవాయి విశ్వవిద్యాలయానికి 65 ఏళ్ల లీజుకిచ్చింది. అద్దె ఏడాదికి ఒక్క డాలర్. తర్వాత ఒకటొకటిగా 13 టెలిస్కోప్ కేంద్రాలు లేచాయి. కొండను విశ్వవిద్యాలయం సరిగా చూసుకోవడం లేదని 1998లో రాష్ట్ర ఆడిటరే తప్పుపట్టారు.

అంటే టీఎంటీ వచ్చేసరికే అక్కడ ముప్పై, నలభై ఏళ్ల బాకీ పేరుకుని ఉంది. 2011లో భూముల బోర్డు టీఎంటీకి అనుమతి ఇచ్చేసి, ఆ తర్వాత అభ్యంతరాల మీద విచారణ పెట్టింది. ముహూర్తం పెట్టేశాక అమ్మాయికి ఇష్టమేనా అని అడిగినట్టు! 2015 డిసెంబర్‌లో హవాయి సుప్రీంకోర్టు సరిగ్గా ఈ కారణంతోనే అనుమతిని కొట్టేసింది. మళ్లీ విచారణ జరిగింది. 2017లో కొత్త అనుమతి వచ్చింది, 2018లో కోర్టు దాన్ని సమర్థించింది. కాగితాల పని పూర్తయింది. 2019 జూలైలో యంత్రాలు కొండెక్కుతాయనగానే వేలమంది దారికి అడ్డంగా కూర్చున్నారు. ముందు వరుసలో ఉన్న 30 మందికి పైగా వృద్ధులను పోలీసులు అరెస్టు చేశారు. యంత్రాలు పైకి వెళ్లలేదు.

టీఎంటీ వాళ్లు ఏమీ ఇవ్వలేదనడం న్యాయం కాదు. హవాయి పిల్లల సైన్స్ చదువుల కోసం ఏటా పది లక్షల డాలర్ల నిధి పెట్టారు. నామమాత్రపు అద్దె కాకుండా నిజమైన అద్దె కడతామన్నారు. ఈ ప్రాజెక్టు కావాలన్న హవాయి ఆదివాసీలూ ఉన్నారు, వాళ్ల వాదనా కోర్టు దాకా వెళ్లింది. కానీ ఇవన్నీ స్థలం ఖాయమయ్యాక వచ్చిన కానుకలు. స్థలం మార్చమనే హక్కు వాటిలో లేదు.

2019లోనే ఇంకో సంగతి జరిగింది. ఏప్రిల్‌లో తొలి బ్లాక్ హోల్ చిత్రం విడుదలైంది. ఆ పనిలో మౌనాకియా మీది రెండు టెలిస్కోపులు పాలుపంచుకున్నాయి. ఆ బ్లాక్ హోల్‌కు పొవేహి అనే హవాయి పేరు పెట్టారు, పేరిచ్చింది హవాయి భాషా ఆచార్యుడు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడు నెలలకే అదే కొండ కింద అరెస్టులు. పేరు పెట్టించుకోవడం సులువు, అధికారం పంచుకోవడమే కష్టం. ఇలా అడ్డుపడ్డ వాళ్లను సైన్సుకు శత్రువులని మన పత్రికల్లోనూ కొందరు రాశారు. నాకైతే అది బొత్తిగా నచ్చలేదు. నక్షత్రాలను చూసి పసిఫిక్ మహాసముద్రం దాటిన వాళ్ల వారసులు వాళ్లు. 1976లో హోకులెయా అనే పడవలో పరికరాలేవీ లేకుండా హవాయి నుంచి తహితి దాకా వెళ్లి, ఆ పాత విద్య ఇంకా పనికొస్తుందని చూపించారు కూడా.

ఇక మూడో దారి, కిట్ పీక్ అనే టెలిస్కోపుల కొండ. ఇది అమెరికాలోనే, అరిజోనాలో, టోహోనో ఓధమ్ తెగ భూమిలో ఉంది. 1950ల్లో శాస్త్రవేత్తలు తెగ పెద్దలను విశ్వవిద్యాలయానికి పిలిచి టెలిస్కోపులో చంద్రుణ్ని చూపించారు. 1958లో తెగ మండలి లీజుకు ఒప్పుకుంది. భూమి తెగదే. ఖగోళ పరిశోధన జరిగినంత కాలమే లీజు ఉంటుంది. మౌనాకియాతో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు మెరుగు, ఎందుకంటే అడగాల్సిన వాళ్లను ముందే అడిగారు. కానీ గడువు తేదీ లేని లీజు అంటే తాతలు పెట్టిన సంతకానికి మనవలు కట్టుబడి ఉండటమే. పైగా ఒకసారి ఒప్పుకున్నారు కదా అని ఆ తర్వాత ప్రతిదానికీ ఒప్పుకున్నట్టేననే ధీమా వచ్చేస్తుంది. వెరిటాస్ అనే గామా కిరణాల టెలిస్కోప్‌ను అదే కొండ మీద మొదలుపెట్టినప్పుడు తమను సరిగా సంప్రదించలేదని 2005లో తెగ కోర్టుకెక్కింది. చివరికి వెరిటాస్‌ను అరిజోనాలోనే ఉన్న మౌంట్ హాప్‌కిన్స్ అనే మరో కొండ దగ్గరికి తరలించి కట్టుకున్నారు. శాస్త్రానికి ప్రళయమేమీ రాలేదు, అది అక్కడ చక్కగా పనిచేస్తోంది.

మర్చిసన్ కథ వేరు. పెర్త్‌కు ఉత్తరాన సుమారు 800 కిలోమీటర్ల దూరంలో ఎర్రమట్టి నేల. జనం చాలా తక్కువ, రేడియో రొద ఇంకా తక్కువ. అది వజారి యమాజి ప్రజల నేల. అక్కడ ముందుగా కట్టిన 36 డిష్‌ల టెలిస్కోప్ కోసం 2009లోనే వాళ్లతో భూ వినియోగ ఒప్పందం కుదిరింది. 2017లో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఆ ప్రాంతంలో వజారి వారి భూహక్కును గుర్తించింది. ఎస్‌కేఏకు ఇంకా చాలా నేల కావాల్సి రావడంతో మళ్లీ కూర్చున్నారు. ఏళ్లు పట్టింది. 2022 నవంబర్‌లో ఒప్పందం అయ్యింది, డిసెంబర్‌లో పనులు మొదలయ్యాయి. వరుస గమనించండి: ఒప్పందం ముందు, గునపం తర్వాత.

సంతకాల కంటే నడక నాకు ముఖ్యంగా అనిపించింది. ఎస్‌కేఏ ఆస్ట్రేలియా భాగంలో 131072 యాంటెన్నాలుంటాయి. ఒక్కొక్కటి రెండు మీటర్ల ఎత్తుండే లోహపు చెట్టులా ఉంటుంది. 256 కలిస్తే ఒక స్టేషన్, అలాంటివి 512. అవి ఎక్కడెక్కడ రావాలో ఇంజనీర్లు కంప్యూటర్లో గీసుకున్నారు. ఆ తర్వాత వజారి పెద్దలూ ప్రాజెక్టు సిబ్బందీ కలిసి ఆ చోట్లన్నీ కాలినడకన తిరిగారు. ఇక్కడ పాత రాతి పనిముట్లున్నాయి, ఇది ముట్టకూడని చోటు అని పెద్దలు చెబితే స్టేషన్ జరిగింది. ఇప్పటికీ నేల తవ్వేటప్పుడు వజారి పరిశీలకులు దగ్గర నిలబడి చూస్తారు. శిక్షణ, ఉద్యోగాలు, కాంట్రాక్టులు ఒప్పందంలో ఉన్నాయి. అయినా నేను ఎక్కువ మార్కులు వేసేది ‘జరపండి’ అంటే జరిగిన ఆ యాంటెన్నాలకే.

అయితే ఈ పోలిక పూర్తిగా సమానుల మధ్య పోలిక కాదు. యాంటెన్నాల గుంపును వంద మీటర్లు పక్కకు జరపొచ్చు. పద్దెనిమిది అంతస్తుల ఎత్తున్న గోపురాన్ని శిఖరం మీద ఎటు జరుపుతారు? అక్కడ ఉన్నవి అవును, కాదు, రెండే జవాబులు. మర్చిసన్ పద్ధతిని యథాతథంగా మౌనాకియాలో పెట్టినా ‘కాదు’ అనే జవాబే వచ్చి ఉండొచ్చు. ఆ మాట 2009లో వినిపించి ఉంటే కోర్టుల్లో, దారి మీద పోయిన పదేళ్లు మిగిలేవి. ఆస్ట్రేలియా చట్టాన్ని కూడా మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. అక్కడి భూహక్కు బేరమాడే హక్కునిస్తుంది, ఆపే హక్కునివ్వదు. అదే రాష్ట్రంలో 2020 మేలో ఒక గనుల కంపెనీ జూకన్ లోయలో 46 వేల ఏళ్ల నాటి మానవ నివాసపు గుహలను పేల్చేసింది, అదీ చట్టపరమైన అనుమతితోనే. కాబట్టి మర్చిసన్‌లో పని మంచిగా జరిగిందంటే చట్టం అడిగిన దానికంటే ఎక్కువ చేశారు గనక.

మన ఇంటి సంగతి చూస్తే శ్రీహరికోట ఉంది. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నారు. తూర్పున సముద్రం, భూమధ్యరేఖకు దగ్గర. అడవిలో దుంపలు, తేనె సేకరిస్తూ, చేపలు పడుతూ అక్కడ బతికిన యానాదులను ఖాళీ చేయించారు. 1971 అక్టోబర్‌లో తొలి రాకెట్ ఎగిరింది. ప్రతి ప్రయోగానికీ మనం టీవీల ముందు కూర్చుంటాం, యానాదుల మాట ఎవరికి గుర్తొస్తుంది? అప్పట్లో వాళ్ల సమ్మతి అడగాలన్న చట్టమే లేదు. 1996 నాటి పెసా చట్టం వచ్చాక గ్రామసభను సంప్రదించాలన్న నియమం వచ్చింది గానీ, అది షెడ్యూల్డ్ ప్రాంతాలకే, అంటే గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన చోట్లకే. శ్రీహరికోట షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. మైదానాల్లో, తీరాల్లో బతికే యానాదుల్లాంటి గిరిజనులకు పెసా గొడుగు ఇప్పటికీ అందదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మనకు గర్వకారణమే. అయితే అది షెడ్యూల్డ్ ప్రాంతాల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు ఇవ్వకుండా ఆపింది, ప్రభుత్వ సంస్థలను కాదు. పరిశోధన కేంద్రాలన్నీ దాదాపు ప్రభుత్వానివే.

మరి ఏది మేలు? స్థలాన్ని కాస్త అటూ ఇటూ జరపగలిగే ప్రాజెక్టయితే సందేహమే లేదు, మర్చిసన్ దారే. జరపలేని శిఖరమైతే కిట్ పీక్ తరహా లీజు పనికొస్తుంది. కాకపోతే పాతికేళ్లకోసారి తిరగరాసేలా గడువుండాలి, పని ముగిశాక కట్టడాలు తీసేసే ఖర్చు ముందే డిపాజిట్ చేయాలి, కొత్త కట్టడానికి కొత్త సమ్మతి తీసుకోవాలి. ‘వద్దు’ అంటే రెండో స్థలానికి వెళ్లేందుకు బడ్జెట్‌లో మొదటి రోజే చోటుండాలి. టీఎంటీకి స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లోని లా పాల్మా ప్రత్యామ్నాయంగా ఉంది, 2025లో స్పెయిన్ 40 కోట్ల యూరోలు ఇస్తామని కూడా ముందుకొచ్చింది. అక్కడి కొండ ఎత్తు మౌనాకియాలో సుమారు సగమే కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ పరిశీలనల్లో కొంత నష్టం తప్పదు. ఆ నష్టాన్ని లెక్కలో పెట్టుకునే నేను ఈ మాట అంటున్నాను. ముందు అనుమతి తెచ్చుకుని తర్వాత మాట్లాడదాం అనే మౌనాకియా దారిని మాత్రం ఏ పరిస్థితిలోనూ ఎంచుకోను.

హవాయిలో కూడా ఇప్పుడు ఆ దారి వదిలేస్తున్నారు. 2022లో వచ్చిన చట్టంతో కొండ నిర్వహణ విశ్వవిద్యాలయం చేతిలోంచి కొత్త ప్రాధికార సంస్థకు మారుతోంది. అందులో హవాయి ఆదివాసీ సంప్రదాయాలు పాటించేవాళ్లకూ, ఖగోళ శాస్త్రం తరఫు వాళ్లకూ చోటుంది. 2024లో రెండు పాత టెలిస్కోపులను శిఖరం మీంచి పూర్తిగా తొలగించారు. 1968 నాటి లీజు 2033లో ముగుస్తుంది. మిగిలిన టెలిస్కోపుల వాళ్లు అక్కడే ఉండాలనుకుంటే ఈసారి ఆ కొత్త సంస్థతోనే కూర్చుని మాట్లాడుకోవాలి.