బరువైన లాంగ్‌బోకి అల్లెతాడు: మూడు రకాల పోగులు ఏళ్ల తరబడి వాడి చూశాక

నా విల్లు ఇటాలియన్ యూ చెట్టు కర్రతో చేసిన ఇంగ్లిష్ లాంగ్‌బో, అంటే పొడవాటి కర్రవిల్లు. 32 అంగుళాలు లాగితే 110 పౌండ్లు తూగుతుంది, అలా లాగడానికి పట్టే బలాన్నే విల్లు బరువు అంటారు. ఇంగ్లండులో ఇంత బరువైన విళ్లతో బాణాలు వేసేవాళ్లలో చాలామంది అల్లెతాడు సొంతంగా పేనుకుంటారు. ఇక్కడికొచ్చి స్థిరపడ్డ నేనూ అదే నేర్చుకున్నాను. డాక్రాన్ అనే పాలిస్టర్ దారం, ఫాస్ట్‌ఫ్లైట్ ప్లస్ అనే పాలిథిలీన్ దారం, అవిసె నార అనే లినెన్, ఈ మూడింటితోనూ తాళ్లు పేని ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న మాటలివి.

తీర్పు ముందే చెప్పేస్తాను. బరువైన విల్లుకి తాడు తెగేది మధ్యలో బలం చాలక కాదు, చివర్లలో విల్లుకి తగిలించే ఒంపులు బక్కగా ఉండటం వల్ల. బావి చేంతాడు చూసినవాళ్లకి ఇది కొత్త కాదు, అది కూడా బకెట్ ముడి దగ్గరే పీచు లేస్తుంది. ఏ పోగు కొనాలా అని ఆలోచించే సమయంలో సగమైనా ఆ ఒంపు ఎలా పేనాలా అన్నదానికి పెడితే విల్లు పదికాలాలు బతుకుతుంది. తాడు తెగితే పోయేది తాడొక్కటే అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు. బాణానికి వెళ్లాల్సిన శక్తి అంతా తిరిగి కర్రలోకే కొడుతుంది. బరువైన విల్లు ఆ దెబ్బకి రెండు ముక్కలయ్యే ప్రమాదం ఉంది.

ముందు లెక్క చూద్దాం. లాగి పట్టుకున్నప్పటి కంటే, వదిలాక విల్లు చివరలు ముందుకు దూసుకొచ్చి తాడు బిగిసి ఆగే క్షణంలో దాని మీద పడే లాగుడు చాలా ఎక్కువ. అందుకే తాడు బలం విల్లు బరువుకి కనీసం నాలుగు రెట్లు ఉండాలని పేనేవాళ్ల లెక్క. నా విల్లుకి అది 440 పౌండ్లు. డాక్రాన్ బీ-50 పోగు ఒక్కోటి సుమారు 50 పౌండ్లు ఆపుతుంది కాబట్టి కాగితం మీద తొమ్మిది పోగులు చాలు. అలా ఎవరూ పేనరు, పేనకూడదు కూడా. నేను 18 వేస్తాను. ఫాస్ట్‌ఫ్లైట్ ప్లస్ పోగు దానికంటే ఎంతో బలమైనది, అయినా అందులోనూ 18 వేస్తాను. బలం కోసం కాదు. సన్నని తాడు వేళ్లని కోసేస్తుంది, విల్లు చివర తొడిగిన కొమ్ము నాక్ (తాడు తగిలించే గాడి)లోకి దిగి కోసుకుపోతుంది, బాణం వెనక కొసనున్న నాక్ గాడిలో వదులుగా ఆడుతుంది.

నేను పేనే పద్ధతి ఫ్లెమిష్ ట్విస్ట్, మూడు పేటలది. రెండు పేటలతోనూ తాడవుతుంది కానీ, మూడు పేటలది గుండ్రంగా కుదురుకుంటుంది, నాక్ గాడిలో చక్కగా కూర్చుంటుంది. ఒక్కో పేటకి ఆరు పోగులు, మూడు పేటలూ మూడు రంగులు. పురి ఎక్కడ తప్పినా రంగుల వరసలోనే తెలిసిపోతుంది. పోగుల కొసలన్నీ ఒకేచోట కొయ్యను. ఒక్కోటీ కొంచెం పొట్టి చేస్తూ పోతాను, లేకపోతే కొసలు ముగిసినచోట తాడు మందం ఒక్కసారిగా మారి అక్కడే బలహీనపడుతుంది. పేనడానికి ముందు తేనెమైనం గట్టిగా పట్టిస్తాను.

అసలు పని ఒంపు దగ్గర. పైన లూప్ వచ్చే చోటా, కింద ముడి పడే చోటా ప్రతి పేటలో రెండు పొట్టి పోగులు అదనంగా కలుపుతాను. అంటే తాడంతా 18 పోగులైతే లూప్ చుట్టూ 24. ఒక్కో పేటకి నా నుంచి అవతలికి పురి ఎక్కించి, దాన్ని మిగతా రెండింటి మీదుగా ఇవతలికి తిప్పాలి. మళ్లీ తర్వాతి పేట. వేళ్ల పట్టు ఒకేలా ఉండాలి. ఒక పేట వదులైతే మిగతా రెండే బరువు మోస్తాయి, మూడోది ఊరికే అంటిపెట్టుకుని ఉంటుంది. లూప్‌కి సరిపడా పేనాక మడిచి, కొసల్ని వాటి రంగు పేటల్లోకే కలుపుతూ ఆరేడు అంగుళాలు కిందికి అదే పురితో వెళ్తాను. ఇక్కడ తొందరపడితే లూప్ జారుతుంది. చివర్లో తోలు ముక్కతో తాడుని పైనుంచి కిందికి గట్టిగా రుద్దితే ఆ వేడికి మైనం కరిగి లోపలికి దిగుతుంది.

కింద లూప్ వెయ్యను, తాడు కొసని ఆ తాడు చుట్టూనే తిప్పి బిగించే టింబర్ హిచ్ ముడే. తాడు సాగినప్పుడు ముడి కాస్త సవరిస్తే పొడవు సరిపోతుంది. ఫాస్ట్‌ఫ్లైట్ నున్నగా ఉంటుంది కాబట్టి దానికి ముడిలో చుట్లు ఎక్కువ తిప్పాలి, డాక్రాన్‌కి అంత అవసరం పడలేదు. కొత్త తాడుతో వెంటనే పూర్తిగా లాగను. విల్లుకి తాడు తొడిగి కొంతసేపు వదిలేసి, మొదట కొద్దిగా, తర్వాత ఇంకాస్త లాగుతూ పోతే పేటలు సర్దుకుంటాయి. మధ్యలో బాణం కూర్చునేచోట తాడు అరగకుండా సర్వింగ్ దారం చుట్టడం ఆ తర్వాతే.

ఇక ఏది ఎలా నిలిచిందంటే, డాక్రాన్ మెత్తన. కాస్త సాగుతుంది కాబట్టి విల్లు మీద దెబ్బ తక్కువ. కొమ్ము తొడగని, కర్రలోనే గాడి తీసిన విల్లుకి దీన్నే వాడాలి. కాకపోతే సాగే కొద్దీ విల్లుకీ తాడుకీ మధ్య ఎడం తగ్గుతూ పోతుంది, మాటిమాటికీ ముడి సవరించుకోవాలి. బరువైన బాణం పడే దూరంలోనూ తేడా కంటికి తెలుస్తుంది. ఇదే పోగుతో ఒక దుకాణంలో రెడీమేడ్ తాడు కూడా కొన్నాను. రెండు పేటలు, లూపులో అదనపు పోగు ఒక్కటీ లేదు. పై లూప్ పీచు లేవడం చూసి తెగకముందే తీసి పారేశాను.

ఫాస్ట్‌ఫ్లైట్ ప్లస్ నాకు రోజువారీ తాడు. దాదాపు సాగదు, తేమ పట్టదు, బాణం చురుగ్గా వెళ్తుంది. రెండు జాగ్రత్తలు: కొమ్ము గాడి అంచులు గుండ్రంగా, నున్నగా ఉండాలి. ఎండలో మూసిన కారులో తాడు వదిలెయ్యకూడదు, ఈ రకం పాలిథిలీన్‌కి వేడి పడదు.

అవిసె నార మీద నాకు ప్రేమ ఎక్కువ. చేతికి తగిలే తీరు, వదిలినప్పుడు వచ్చే మంద్రమైన శబ్దం వేరే తాడుకి లేవు. కానీ దారంలో ఎక్కడో ఒకచోట సన్నబడి ఉంటుంది. తెగేముందు హెచ్చరిక ఇవ్వదు. తడిస్తే అవిసె పోగు బలం పెరుగుతుంది, దానితోపాటు బరువూ పెరిగి బాణం వేగం తగ్గుతుంది. నాకు భయం తడితో కాదు, మైనం ఆరిపోయి పెళుసైన తాడుతోనే. అందుకే 110 పౌండ్ల విల్లుకి దీన్ని కట్టను, 60 పౌండ్ల యాష్ కర్ర విల్లుకే.

మరి పాతకాలం వాళ్లు ఎలా నెట్టుకొచ్చారు? 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో 172 లాంగ్‌బోలు దొరికాయి. చాలావాటి బరువు 100 నుంచి 185 పౌండ్ల మధ్య ఉండేదని అంచనా. పోర్ట్స్‌మత్ మ్యూజియంలో వాటి ముందు నిలబడితే చేతులు జివ్వుమంటాయి. అల్లెతాడు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. బాణాల నాక్ గాడి వెడల్పు దాదాపు 3 మిల్లీమీటర్లు, కాబట్టి తాడు మందం కూడా అంతకి మించకూడదు. అంత సన్నని హెంప్ (గంజాయి జాతి మొక్క) నార, అవిసె తాడు 150 పౌండ్ల విల్లుని రోజూ మోసిందంటే ఆ నారని దువ్వి వడికినవాళ్ల పనితనానికి చెయ్యెత్తి మొక్కాలి. ఇప్పుడు మిల్లు దారంలో ఆ పొడవాటి పీచు నాకు దొరకడం లేదు.

మన దగ్గర నారి పేనడానికి చాగనార, అంటే చాగ మొక్క ఆకుల నార వాడేవాళ్లు. సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ పేరే ఆ మొక్క శాస్త్రీయ నామంలో ఉంది. చేత్తో తీసిన చాగనార ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, 60 పౌండ్ల విల్లు మీద పేని చూస్తాను.

కొత్తగా బరువైన విల్లు కొన్నవాళ్లకి నా సలహా: కొమ్ము నాక్ ఉంటే 18 పోగుల ఫాస్ట్‌ఫ్లైట్, మూడు పేటలు, లూపులో అదనపు పోగులు. లేకపోతే అదే లెక్కలో డాక్రాన్. ఏదైనా సరే, ఎక్కుపెట్టే ముందు ప్రతిసారీ రెండు కొసలూ వేలితో తడిమి చూడండి, పీచు లేస్తే తాడు మార్చండి.