అర మిల్లీమీటరు కనెక్టర్లు, పట్టీ కేబుళ్లు: రెండు నెలలు చేతికి కట్టి వాడాక

ముందు రేటింగు చెప్పేస్తాను. ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు తీశానో కింద వివరంగా రాశాను, ఎందుకంటే దాని దగ్గరే నాకు మూడు రోజులు పోయాయి. కొనేవాళ్లకి ఆ మూడు రోజులైనా మిగలాలి.

నేను తీసుకున్నది 0.5 మి.మీ. పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం), 8 పిన్నులు, కింది వైపు కాంటాక్టు ఉండే ఫ్లిప్ లాక్ ఎఫ్‌పీసీ కనెక్టర్లు (పల్చటి పట్టీ కేబుళ్లని పట్టుకునేవి) పది, వాటికి సరిపోయే 6 సెం.మీ. పట్టీ కేబుళ్లు పది. ప్యాకెట్ మీద బ్రాండు పేరు లేదు. కనెక్టరు బొటనవేలి గోరులో సగం ఉంటుంది. వెనకాల ఒక నల్లటి చిన్న రెప్ప, దాన్ని పైకి ఎత్తి, కేబుల్ దూర్చి, కిందికి నొక్కేయాలి. కేబుల్ తెల్లగా, కాగితంలా పల్చగా ఉంటుంది. రెండు చివర్లా వెనక వైపు నీలం రంగు గట్టి ముక్క అతికించి ఉంటుంది, అక్కడ మొత్తం మందం 0.3 మి.మీ. ఆ మందం తేడా వస్తే కనెక్టరు గట్టిగా పట్టుకోదు. నేను మైక్రోమీటరుతో పదింటినీ కొలిచాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఎందుకు కొన్నానో చెప్పాలి. నా పని బోర్డుల రిపేరు. పదకొండేళ్లుగా రోజూ మైక్రోస్కోపు కింద టంకం పెడుతున్నాను. నాన్నకి గుండె ఆపరేషన్ అయ్యాక రాత్రిళ్లు ఆయన పల్సు, ఒంటి వేడి ఎలా ఉంటున్నాయో తెలుసుకోవాలని నేనే ఒక చేతిపట్టీ తయారు చేశాను. డాక్టరుగారు చూసేది ఆసుపత్రి రీడింగులే, ఇది నా ధైర్యం కోసం. మెయిన్ బోర్డు, బ్యాటరీ మణికట్టు పై వైపు, గడియారం ఉండే చోట ఉంటాయి. సెన్సార్లు మణికట్టు లోపలి వైపు, చర్మం మెత్తగా ఉండే చోట. పల్సుకి మ్యాక్స్ 30102, వేడికి టీఎంపీ 117. మొదటిది 5.6 మి.మీ. పొడవు, 3.3 మి.మీ. వెడల్పు ఉన్న చిన్న డబ్బా, అందులోనే ఎర్ర ఎల్ఈడీ, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ, తిరిగొచ్చే కాంతిని చూసే డయోడ్ అన్నీ ఉంటాయి. రెండోది 2 మి.మీ. చదరం. ఈ రెండూ ఒకే ఐ2సీ లైన్ల మీద (డేటాకి ఒకటి, దానికి తాళం వేసే క్లాకుకి ఒకటి, ఈ రెండు లైన్లతోనే చిప్పులు మాట్లాడుకునే పద్ధతి) పనిచేస్తాయి, అడ్రసులు వేరు కాబట్టి గొడవ రాదు.

సెన్సార్లు మంచివే కొన్నాను, ప్రోగ్రాము కూడా బాగానే రాశాను. నన్ను ఏడిపించింది మధ్యలో ఉన్న ఆ ఆరు సెంటీమీటర్లే.

మొదట 30 గేజి పోగుల తీగలు ఎనిమిది తెచ్చి రెండు వైపులా నేరుగా టంకం పెట్టాను. టేబుల్ మీద వారం రోజులు ఒక్క తప్పు లేకుండా నడిచింది. నాన్న చేతికి కట్టిన నాలుగో రాత్రి, రెండు దాటాక ఫోన్లో అలారం మోగింది. స్క్రీన్ మీద పల్సు సున్నా. చెప్పుల్లేకుండా పరిగెత్తాను. నాన్న గురక పెడుతూ హాయిగా నిద్రపోతున్నారు. నేను చెయ్యి పట్టుకోగానే లేచి, "ఏమ్మా, ఇంకా పడుకోలేదా?" అన్నారు. నా వేళ్లకి ఆయన నాడి మామూలుగానే తగులుతోంది. ఆ రాత్రి ఇక నిద్ర పట్టలేదు, పట్టీ విప్పి మైక్రోస్కోపు కింద పెట్టుకుని కూర్చున్నాను.

పైకి అన్ని జాయింట్లూ మెరుస్తున్నాయి. డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అంటని టంకం, ఒక్కటి కూడా లేదు. పట్టకారుతో ఒక్కో తీగనీ మెల్లగా కదుపుతుంటే ఐదోది, క్లాకు లైను, లోపల తెగి కనిపించింది. టంకం తీగ పోగుల మధ్యలోకి పాకి ఎక్కడిదాకా గట్టిపడిందో, సరిగ్గా ఆ అంచు దగ్గర తెగింది. మెత్తటి భాగం, గట్టి భాగం కలిసే చోటే వంపు మొత్తం పడుతుంది. చెయ్యి తిప్పినప్పుడల్లా అక్కడే వంగి వంగి, ఏడు పోగుల్లో ఆరు తెగి ఒక్కటి మిగిలింది. ఆ ఒక్క పోగూ ఒకసారి తగులుతూ, ఒకసారి వదులుతూ ఉంది. మా రిపేరు భాషలో లూజ్ కాంటాక్ట్. టీవీ రిమోట్‌లో అయితే ఒక దెబ్బ వేసి వాడుకుంటాం. నాన్న చేతి మీద ఉన్నదాన్ని అలా వదిలేయలేను.

ఐ2సీలో ఇంకో చిక్కుంది. సెన్సారు డేటా పంపుతూ లైనుని కిందికి, అంటే సున్నా వోల్టులకి, లాగి ఉన్న క్షణంలో క్లాకు తెగితే, అది అలాగే పట్టుకుని కూర్చుంటుంది. తర్వాత తీగ మళ్లీ తగిలినా ఆ లైన్ల మీద మాటలు కదలవు. క్లాకు లైను మీద తొమ్మిది కరెంటు టిక్కులు పంపి దాన్ని విడిపించాలి. ఆ నాలుగు లైన్ల కోడు అప్పుడే రాసి పెట్టాను, తీగలతో చేసేవాళ్లెవరైనా ముందే రాసి పెట్టుకోండి. పల్సు సున్నా వేరు, సెన్సారు జవాబివ్వకపోవడం వేరు అని స్క్రీన్ మీద విడివిడిగా చూపించడం కూడా ఆ రాత్రి తర్వాతే మొదలుపెట్టాను. నిజానికి మొదటి రోజే చేయాల్సిన పని అది.

ఇప్పుడు ఈ కనెక్టర్ల సంగతి.

ముందు తీసేసిన మార్కు. ప్యాకెట్ లోపల ఒక్క కాగితం లేదు. ఒకటో పిన్ను ఎటువైపో గుర్తు లేదు. పట్టీ కేబుళ్లలో రెండు రకాలు ఉంటాయి. రెండు చివర్లా రాగి ఒకే వైపు కనపడేది ఒకటి, ఒక చివర పైకి, ఇంకో చివర కిందికి ఉండేది ఇంకొకటి. నాకు వచ్చింది మొదటి రకం. రెండు బోర్డుల మీదా ఒకే కనెక్టరు ఎదురెదురుగా పెట్టి ఈ కేబుల్ తిన్నగా వేస్తే, ఇక్కడి ఒకటో పిన్ను అక్కడ ఎనిమిదోదానికి వెళ్తుంది. కాగితం మీద గీసి చూస్తే వెంటనే తెలిసిపోయే విషయం. నేను గీయలేదు. రెండు బోర్డులకీ ఒకే నంబర్ల వరస పెట్టి తయారు చేయించాను.

ఏమీ కాలిపోలేదు, అదొక్కటే అదృష్టం. పల్సు సెన్సారులో ఎల్ఈడీ వెలిగిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి గ్రౌండు, ఎల్ఈడీ సప్లై రెండేసి గీతల మీద పంపాలనుకుని, గ్రౌండుని రెండు చివర్లా, సప్లైని వాటి పక్కనా పెట్టాను. అందుకే తిరగబడినా గ్రౌండు గ్రౌండుకే, సప్లై సప్లైకే వెళ్లాయి. డేటా, క్లాకు మాత్రం తారుమారయ్యాయి, సెన్సారు పలకలేదు. మూడు రోజులు కోడులో వెతికాను. చివరికి మల్టీమీటరు కంటిన్యుటీలో (తీగ కలిసి ఉంటే కూత పెట్టే సెట్టింగు) పెట్టి ఒక్కో పిన్నూ పట్టుకుంటే ఐదు నిమిషాల్లో తేలిపోయింది. సెన్సారు వైపు బోర్డు మళ్లీ గీయించుకున్నాను. మీరు కొంటే, బోర్డు ఆర్డరు పెట్టేముందు కేబుల్ చేతిలో పట్టుకుని, రెండు బోర్డుల బొమ్మలు కాగితం మీద ప్రింటు తీసి, కత్తిరించి, పక్కపక్కన పెట్టి చూసుకోండి.

టంకం పెట్టడం చెయ్యి తిరిగినవాళ్లకి కష్టం కాదు. సన్నటి మొన, కొంచెం ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి పూసేది), మొనని ఒక చివర నుంచి ఇంకో చివరకి మెల్లగా లాగితే ఎనిమిది పిన్నులూ అంటుకుంటాయి. షార్టు అయిన చోట రాగి జడతో పీల్చేయొచ్చు. జాగ్రత్త పడాల్సింది ఫ్లక్స్ విషయంలో. ఎక్కువైతే పిన్నుల వెంట కనెక్టరు లోపలికి పాకి కాంటాక్టు మీద పొరలా ఆరిపోతుంది. నా రెండో కనెక్టరుకి అదే అయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు కడిగితే గానీ సరిగ్గా తగల్లేదు. ఇక ఆ నల్ల రెప్ప. గోరుతో పైకి లేపాలి, లాగకూడదు. ఒకటి లాగి విరగ్గొట్టాను. ఈ రకం కనెక్టర్ల డేటాషీట్లలో 20 సార్లు తీసి పెట్టొచ్చని ఉండడం మామూలే, అంటే టేబుల్ మీద రోజూ ఊడదీసి పెట్టే పనికి ఇది సరిపోదు. ఒకసారి పెట్టి మూసేసే పనికే.

మూసేశాక మాత్రం మనసు నిండిపోయింది.

మొదట నా కంటపడింది పల్సు గ్రాఫు. తీగలు ఉన్నప్పుడు గీత కింది నుంచి పైకి, పై నుంచి కిందికి తేలుతూ ఉండేది. నాన్న చెయ్యి కదపడం వల్ల అనుకునేదాన్ని. అసలు కారణం తీగలే. ఎనిమిది తీగల కట్ట స్ప్రింగులా బిగుసుకుని సెన్సారుని చర్మం మీది నుంచి ఒక పక్కకి ఎత్తేస్తోంది. ఆ కొద్ది సందులో కాంతి చర్మంలోకి వెళ్లకుండా పైనుంచే తిరిగి వచ్చేస్తుంది. పట్టీ కేబుల్‌కి ఆ బిగువు లేదు. సెన్సారు వెనకాల మెత్తటి ఫోమ్ ముక్క పెట్టాను, చర్మం ఎటు కదిలితే సెన్సారు అటు కదులుతోంది. ఒక్కో గుండె చప్పుడుకీ ఒక కొండ, దాని దిగుడులో చిన్న గాటు, రెండూ ఇప్పుడు విడిగా కనపడుతున్నాయి. ఆ గాటు మొదటిసారి కనపడిన రాత్రి చాలాసేపు స్క్రీన్ ముందే ఉండిపోయాను.

రెండోది వేడి. టీఎంపీ 117కి సున్నా కింద 20 నుంచి 50 డిగ్రీల వరకు 0.1 డిగ్రీ కచ్చితత్వం ఉంది. అయినా నా తీగల పట్టీలో చార్జింగు పెట్టినప్పుడల్లా రీడింగు 0.6 డిగ్రీ పెరిగేది. జ్వరమేమో అని ఒకసారి టెన్షన్ కూడా పడ్డాను. మెయిన్ బోర్డు వేడి రాగి వెంట నడిచి సెన్సారు దగ్గరికి చేరుతోంది. 30 గేజి తీగ ఒక్కోదాంట్లో రాగి అడ్డుకోత సుమారు 0.05 చదరపు మి.మీ. ఈ కేబుల్ గీత 0.3 మి.మీ. వెడల్పు, 0.035 మి.మీ. మందం, అంటే 0.01 చదరపు మి.మీ. చిల్లర. రాగి ఐదో వంతుకి తగ్గింది, వేడికి దారీ అంతే ఇరుకైంది. ఇప్పుడు చార్జింగులో తేడా 0.2 డిగ్రీ. మిగిలింది చేతిపట్టీ గుండానే వస్తోందని నా అనుమానం. రాగి తగ్గితే కరెంటుకి ఇబ్బంది కాదా అంటే, 6 సెం.మీ. గీతకి రెసిస్టెన్సు 0.1 ఓం దగ్గర్లోనే ఉంటుంది. 50 మిల్లీ ఆంపియర్లు పోయినా 5 మిల్లీ వోల్టులే తగ్గుతాయి, అదీ సప్లై రెండు గీతల మీద ఉంటే ఇంకా సగం.

చెమట సంగతి కొనేముందు ఆలోచించాల్సిందే. నాలుగో వారంలో అక్కడక్కడా రీడింగులు జారిపోవడం మొదలైంది. విప్పి చూస్తే కేబుల్ చివర తగరపు పూత మసకబారి, కాంటాక్టు తగిలే చోట నల్లటి చుక్కలు ఉన్నాయి. తగరం మీద సన్నటి కదలిక రోజంతా రాపాడిస్తే అలా ఆక్సైడు పేరుకుంటుంది, ఉప్పు చెమట తోడైతే ఇంకా తొందరగా పేరుకుంటుంది. ఈ ప్యాకెట్లోవి తగరం పూతవే. కేబుల్ మార్చి, కనెక్టరు మీద పాలీఇమైడ్ టేపు వేసి, చుట్టూ సిలికాన్ పూశాను. సిలికాన్‌లో పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం వాడకండి, అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోవాలి. ఆ తర్వాత నాలుగు వారాల్లో ఒక్క జారుడు లేదు. ఈసారి కొంటే కేబుల్, కనెక్టరు రెండూ బంగారు పూతవే తెప్పిస్తాను. ఒకటి బంగారం, ఒకటి తగరం అయితే చెమటలో ఇంకా త్వరగా పాడవుతాయి, కలపకండి.

నాలుగు పిన్నుల 1 మి.మీ. జేఎస్‌టీ రకం కనెక్టర్లు కూడా నా దగ్గర ఉన్నాయి. టేబుల్ మీద ప్రయోగాలకి అవే హాయి, పీకి పెట్టడం తేలిక. ఎత్తు దాదాపు 3 మి.మీ. కావడంతో మణికట్టు లోపలి వైపు గుచ్చుకుంటాయి. నొక్కితే అతుక్కునే, కరెంటు పోనిచ్చే కండక్టివ్ టేపు కూడా ప్రయత్నించాను, ఒంటి వేడికి మెత్తబడి రెండో రోజే జారింది. బహుశా నేను సరిగ్గా నొక్కి ఉండకపోవచ్చు, దాని గురించి ఇంతకంటే రాయలేను.

కేబుల్‌ని నెలకోసారి మార్చాలని పెట్టుకున్నాను. ఈ రోజు సాయంత్రం నాన్నని "చెయ్యి ఇటివ్వు" అని అడిగి పట్టీ విప్పాను. సీలు వేసినప్పటి నుంచి వాడిన కేబుల్ తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. మణికట్టు పక్క ఎముక దగ్గర వంగే చోట ప్లాస్టిక్ మీద వెంట్రుకంత తెల్ల గీత పడింది. దాని కింద ఎనిమిది రాగి గీతలూ తెగకుండా ఉన్నాయి. కొత్త కేబుల్‌ని ఆ చోట మడత రాకుండా కొంచెం వదులుగా వంపు ఇచ్చి పెట్టాను.