బ్రౌజర్ బిగుసుకుపోతే ఏది మేలు: టూల్‌బార్ తీసేయడమా, యాంటీవైరస్‌నే మార్చడమా?

అడ్రస్ బార్‌లో రెండు అక్షరాలు కొట్టగానే కర్సర్ గిరగిరా తిరగడం మొదలవుతుంది. విండో పాలిపోతుంది, పైన ‘స్పందించడం లేదు’ అని కనిపిస్తుంది. కాసేపటికి ఏమీ జరగనట్టే, కొట్టిన అక్షరాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. చాలామంది నెట్ నెమ్మదిగా ఉందనుకుని రూటర్ ఆపి మళ్లీ వేస్తారు. నెట్ నెమ్మదిస్తే పేజీ ఆలస్యంగా వస్తుందే తప్ప మెనూలు తెరుచుకోకుండా పోవు, ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు వెళ్లడం ఆగిపోదు. మెనూ కూడా కదలనప్పుడు తప్పు కంప్యూటర్ లోపలే ఉంది. యాంటీవైరస్‌తో పాటు వచ్చి బ్రౌజర్‌లో చేరిన భద్రతా టూల్‌బార్‌ను నేను ముందుగా అనుమానిస్తాను.

దీనికి వినిపించే మందులు ఐదు: టూల్‌బార్‌ను ఆపేయడం, యాంటీవైరస్ సెట్టింగ్స్‌లో వెబ్ రక్షణను ఆపడం, బ్రౌజర్‌ను రీసెట్ చేయడం, వేరే బ్రౌజర్‌కు మారిపోవడం, యాంటీవైరస్‌నే తొలగించడం. ఎక్కువ సందర్భాల్లో మొదటిదే సరిపోతుందని, మూడోదైన రీసెట్‌కు ఉన్నంత పేరు తగదని నా అభిప్రాయం. అయితే మందుకన్నా ముందు రోగం ఏమిటో తేలాలి.

క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, ఎప్పుడూ బిగుసుకుపోయే పేజీకే వెళ్లండి. బ్రౌజర్‌కు అదనంగా చేరే చిన్న ప్రోగ్రాములను ఎక్స్‌టెన్షన్లు అంటారు, మన టూల్‌బార్ కూడా వాటిలో ఒకటే. మనం విడిగా అనుమతి ఇస్తే తప్ప అవి ఇన్‌కాగ్నిటోలో పనిచేయవు. అక్కడ హాయిగా నడిచి మామూలు విండోలో ఆగిపోతుంటే ఏదో ఒక ఎక్స్‌టెన్షన్ మీద నేరం దాదాపు రుజువైనట్టే. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది. షిఫ్ట్ కీ నొక్కిపట్టి బ్రౌజర్ తెరిచినా అందులోకి వెళ్లవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ట్రబుల్‌షూట్ మోడ్ ఎక్స్‌టెన్షన్లతో పాటు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను, అంటే పేజీని చూపించే పనిలో గ్రాఫిక్స్ చిప్ సాయం తీసుకోవడాన్ని కూడా ఆపేస్తుంది. కాబట్టి అందులో సమస్య పోయినంత మాత్రాన టూల్‌బార్‌దే తప్పని తీర్పు చెప్పకూడదు. గ్రాఫిక్స్ డ్రైవర్‌ది కూడా కావచ్చు. మామూలు మోడ్‌కు తిరిగి వచ్చి, సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఒక్కటే ఆపి చూస్తే ఇద్దరిలో దొంగ ఎవరో తెలిసిపోతుంది.

క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత సీపీయూ తింటోందో అందులో కనిపిస్తుంది. టూల్‌బార్ పేరు పక్కన సున్నా ఉందని దాన్ని వదిలేయకండి. ఎక్స్‌టెన్షన్ పేజీలోకి చొప్పించే స్క్రిప్ట్ ఆ ట్యాబ్ ప్రాసెస్‌లోనే నడుస్తుంది కాబట్టి దాని భారమంతా ట్యాబ్ ఖాతాలో పడుతుంది. పాపం వెబ్‌సైట్ నింద మోస్తుంది.

గమనించాల్సింది ఇంకొకటి: ఎక్కడ ఆగుతోంది? సెర్చ్ ఫలితాల పేజీలో లింకుల పక్కన ఆకుపచ్చ టిక్కులు ఒక్కొక్కటిగా వెలుగుతూ, అవన్నీ పడేదాకా స్క్రోల్ కదలకపోతే, లింకులకు రేటింగ్ ఇచ్చే భాగమే కారణం. లాగిన్ పేజీలో, పెద్ద ఫారం నింపేటప్పుడు ఆగుతుంటే పాస్‌వర్డ్ నింపే భాగాన్ని అనుమానించాలి. పేజీలో ఏ చిన్న మార్పు జరిగినా కొత్త గడి వచ్చిందేమోనని అది మొత్తం వెతుకుతుంది. క్షణక్షణం మారే పేజీల్లో ఈ వెతుకులాటకు అంతు ఉండదు. ఏ ట్యాబ్‌కు వెళ్లినా విండో మొత్తం ఆగిపోతుంటే, పైగా ఇన్‌కాగ్నిటోలోనూ అదే వరస అయితే, నేరం టూల్‌బార్‌ది కాకపోవచ్చు. దాని వెనకున్న యాంటీవైరస్ బ్రౌజర్ ప్రాసెస్‌లోకే తన కోడ్‌ను చొప్పిస్తుండవచ్చు. విండోస్‌లో ఇలా కోడ్ చొప్పించే సాఫ్ట్‌వేర్ ఉన్నవారికి క్రోమ్ క్రాష్ అయ్యే అవకాశం 15 శాతం ఎక్కువని గూగుల్ 2017 నవంబరులో చెప్పింది. ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో ‘అబౌట్’, కోలన్, ‘థర్డ్-పార్టీ’ అని ఇంగ్లిషులో కొడితే లోపలికి వచ్చి చేరిన బయటి కోడ్ ముక్కల (మాడ్యూళ్ల) జాబితా తెరుచుకుంటుంది. ఒకసారి చూడండి, ఎంతమంది అతిథులున్నారో.

ఇక మందుల సంగతి.

టూల్‌బార్‌ను ఆపేయడం నిమిషం పని. ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్లి స్విచ్ ఆఫ్ చేస్తే చాలు. నచ్చకపోతే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. మరి రక్షణ పోదా? పోయేది చాలా తక్కువ. డౌన్‌లోడ్ అయిన ఫైళ్లను పరీక్షించడం, నడుస్తున్న ప్రోగ్రాములపై నిఘా పెట్టడం యాంటీవైరస్ అసలు ఇంజిన్ చేసే పని. దానికి టూల్‌బార్‌తో నిమిత్తం లేదు. మోసపు సైట్ల హెచ్చరిక విషయానికొస్తే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీల్లో గూగుల్ సేఫ్ బ్రౌజింగ్, ఎడ్జ్‌లో స్మార్ట్‌స్క్రీన్ ముందే ఉన్నాయి. టూల్‌బార్ చేసేది చాలావరకు ఆ పనినే రెండోసారి చేయడం. దాని ప్రత్యేకత అంటూ ఏదైనా ఉంటే అది ఆకుపచ్చ టిక్కులు, పాస్‌వర్డ్ పెట్టె, అడగకుండానే మార్చేసిన హోం పేజీ.

భద్రత పేరు తగిలించుకున్నంత మాత్రాన అది సురక్షితమన్న హామీ కూడా లేదు. ఏవీజీ యాంటీవైరస్‌తో పాటు క్రోమ్‌లో చేరే వెబ్ ట్యూన్‌అప్ ఎక్స్‌టెన్షన్‌లో, దాన్ని వాడే వారి బ్రౌజింగ్ చరిత్రను బయటివాళ్లకు అందుబాటులో పెట్టే లోపాలున్నాయని 2015 డిసెంబరులో భద్రతా లోపాలను వెతికే గూగుల్ బృందం ప్రాజెక్ట్ జీరోలోని పరిశోధకుడు టావిస్ ఓర్మాండీ బయటపెట్టారు. అప్పటికి దాన్ని వాడుతున్నవారు దాదాపు 90 లక్షల మంది. అవాస్ట్ తన ఎక్స్‌టెన్షన్లు, యాంటీవైరస్ ద్వారా సేకరించిన బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందన్న ఆరోపణపై, ఆ కంపెనీ 1.65 కోట్ల డాలర్లు చెల్లించాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ఆదేశించింది. అన్ని కంపెనీలనూ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. కానీ మీరు తెరిచే ప్రతి పేజీనీ చూసే అనుమతి ఉన్న సాధనం మీకు చేసే మేలు ఏమిటో లెక్క చూసుకోవడం తప్పుకాదు.

ఈ మార్గానికి ఇబ్బందులు రెండు. ఒకటి, టూల్‌బార్‌ను ఆపిన మరుక్షణం నుంచి యాంటీవైరస్ ‘మీ రక్షణ అసంపూర్తిగా ఉంది’ అంటూ ఎర్రగుర్తు చూపించి నస పెడుతుంది. అలాంటి నోటిఫికేషన్లను దాని సెట్టింగ్స్‌లోనే ఆపుకోవచ్చు. ఒకప్పుడైతే తీసేసిన టూల్‌బార్ తర్వాతి అప్‌డేట్‌తో తిరిగి వచ్చేది. బయటి ప్రోగ్రాములు నేరుగా ఎక్స్‌టెన్షన్లు పెట్టేయడాన్ని 2020 మార్చిలో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 74 నిలిపేసింది. క్రోమ్ అంతకుముందే మన అనుమతి అడగడం మొదలుపెట్టింది. కాబట్టి ఇప్పుడు అది తిరిగి వచ్చిందంటే ఏదో పెట్టెలో మనమే ‘సరే’ నొక్కి ఉంటాం.

రెండోది పాస్‌వర్డ్‌లు, ఇదే అసలైన ఇబ్బంది. ఏళ్ల తరబడి పాస్‌వర్డ్‌లన్నీ ఆ టూల్‌బార్ పెట్టెలోనే దాచుకున్నవారు దాన్ని తొలగించే ముందు ఎగుమతి చేసుకోవాలి. సాధారణంగా సీఎస్‌వీ అనే మామూలు పట్టిక ఫైలు వస్తుంది. అందులో పాస్‌వర్డ్‌లు ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి కాబట్టి, బ్రౌజర్‌లోకో విడి పాస్‌వర్డ్ మేనేజర్‌లోకో ఎక్కించిన వెంటనే ఆ ఫైలును రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా తుడిచేయండి. కొత్తచోట రెండు మూడు సైట్లలో లాగిన్ అయి చూసుకున్నాకే టూల్‌బార్‌ను పూర్తిగా తీసేయండి. అప్పటిదాకా ఆపి ఉంచితే చాలు.

వెబ్ రక్షణను ఆపడం వేరే తరహా నిర్ణయం. ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపినా బ్రౌజర్ బిగుసుకుపోతుంటేనే దీని జోలికి వెళ్లాలి. వెబ్ షీల్డ్ లాంటి రకరకాల పేర్లు దీనికి. అందులో ఒక భాగం సురక్షిత కనెక్షన్ల స్కానింగ్: బ్రౌజర్‌కూ వెబ్‌సైట్‌కూ మధ్య యాంటీవైరస్ తానే కూర్చుని, తన సొంత సర్టిఫికెట్‌తో ఎన్‌క్రిప్షన్‌ను విప్పి, లోపలిది చూసి, మళ్లీ మూసి పంపిస్తుంది. ఈ మధ్యవర్తి ఒక్క కనెక్షన్ దగ్గర తడబడినా పేజీ సగంలో నిలిచిపోతుంది. దీన్ని ఆపితే కోల్పోయేది టూల్‌బార్ విషయంలో కన్నా ఎక్కువే: హానికరమైన స్క్రిప్ట్ బ్రౌజర్‌కు చేరకముందే అడ్డుకునే ఒక దశ పోతుంది. అయినా ఇక్కడ నాకు బెంగ లేదు. ఇలా మధ్యలో విప్పి చూసే యాంటీవైరస్‌లలో చాలా వాటివల్ల కనెక్షన్ భద్రత తగ్గుతోందని 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది. వెబ్ షీల్డ్ మొత్తాన్ని ఒకేసారి ఆపకుండా, ముందు సురక్షిత కనెక్షన్ల స్కానింగ్‌ను మాత్రమే ఆపి చూడండి. తరచు అదొక్కటే చాలు.

ఇక రీసెట్. ఎవరిని అడిగినా ముందు ఇదే చెబుతారు, చేస్తే చాలాసార్లు పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేస్తుంది? క్రోమ్ రీసెట్ ఎక్స్‌టెన్షన్లను ఆపేస్తుంది. ఫైర్‌ఫాక్స్ రిఫ్రెష్ వాటిని తీసేస్తుంది. అంటే మొదటి మందునే ఇంకో సీసాలో పోసి ఇచ్చినట్టు. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోవు కానీ, ఏళ్లుగా అమర్చుకున్న సెట్టింగ్స్ మొదటికి వస్తాయి. టూల్‌బార్‌తో పాటు ఏ పాపమూ తెలియని పది ఎక్స్‌టెన్షన్లు శిక్ష అనుభవిస్తాయి, అసలు దోషి ఎవరో చివరికి తేలదు. వారం తర్వాత ఆ టూల్‌బార్‌నే మళ్లీ ఆన్ చేస్తే కథ మొదటికొస్తుంది. ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కటిగా ఆపి చూసినా ఫలితం లేనప్పుడు మాత్రమే ఇది పనికొస్తుంది. ఫైర్‌ఫాక్స్ రిఫ్రెష్ చేశాక పాత ప్రొఫైల్ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో ఉంటుంది, తొందరపడి చెరిపేయకండి.

బ్రౌజర్ మార్చడం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. క్రోమ్ నుంచి ఎడ్జ్‌కు మారితే రెండింటి పునాదీ క్రోమియం అనే ఒకే కోడ్, అదే యాంటీవైరస్ అక్కడా ‘ఎక్స్‌టెన్షన్ పెట్టమంటారా’ అని అడుగుతుంది. చికిత్సగా బలహీనం, పరీక్షగా మేలు: రెండు బ్రౌజర్లూ ఒకేలా ఆగిపోతుంటే టూల్‌బార్‌ను వదిలి వెబ్ షీల్డ్‌ను చూడాలని తెలుస్తుంది. దీనికి దగ్గరి చుట్టమైన ఇంకో సలహా ఉంది: టూల్‌బార్ పనిచేసే పాత వెర్షన్ బ్రౌజర్‌కు వెనక్కి వెళ్లమని. భద్రతా సాధనం కోసం భద్రతా లోపాలున్న బ్రౌజర్ వాడమనే ఈ సలహాను మాత్రం ఎప్పుడూ పాటించకండి. బ్రౌజర్ అప్‌డేట్ అయిన రోజు నుంచే బాధ మొదలైతే యాంటీవైరస్‌ను కూడా అప్‌డేట్ చేసి, సర్దుకునేదాకా టూల్‌బార్‌ను ఆపి ఉంచడమే సబబు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాదాపు నెలకొక కొత్త వెర్షన్ విడుదల చేస్తున్న కాలంలో టూల్‌బార్లు వెనకబడటం వింత కాదు.

మిగిలింది యాంటీవైరస్‌నే తొలగించడం. ఒక్క టూల్‌బార్ కోసం ఇంత దూరం వెళ్లడం ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. కానీ చందా గడువు తీరిపోయి అప్‌డేట్లు ఆగిపోయినా, కోడ్ చొప్పించడాన్ని ఆపే దారి సెట్టింగ్స్‌లో లేకపోయినా, ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు పోట్లాడుకుంటున్నా నేను దీనికే ఓటేస్తాను. విండోస్ 10, 11లలో బయటి యాంటీవైరస్ పోగానే మైక్రోసాఫ్ట్ డిఫెండర్ తనంతట తానే పని అందుకుంటుంది. విండోస్ సెక్యూరిటీలో ఆకుపచ్చ గుర్తు ఉందో లేదో చూసుకోండి. మామూలు అన్‌ఇన్‌స్టాల్ తర్వాత డ్రైవర్లు మిగిలిపోవడం, వాటివల్ల ఆగిపోవడాలు కొనసాగడం ఉన్నదే. అందుకే చాలా కంపెనీలు విడిగా తొలగింపు సాధనాన్ని ఇస్తాయి. దాన్ని ఆ కంపెనీ సొంత సైట్ నుంచే తెచ్చుకుని నడిపి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి.

ఆఫీసు కంప్యూటర్ అయితే పైవాటిలో సగం మన చేతుల్లో ఉండవు. ఎక్స్‌టెన్షన్ పక్కన స్విచ్ కదలకుండా, ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని కనిపిస్తుంది. దాన్ని ఏదో ఒక ఉపాయంతో తప్పించడం మంచిది కాదు. ఐటీ విభాగానికి రాసేటప్పుడు బ్రౌజర్ వెర్షన్, యాంటీవైరస్ వెర్షన్, ఇన్‌కాగ్నిటోలో ఏమైంది, ఏ పేజీలో ఏం చేస్తుంటే ఆగింది, ఆ క్షణాన బ్రౌజర్ టాస్క్ మేనేజర్ ఎలా ఉంది అన్నవి స్క్రీన్‌షాట్‌తో సహా పంపండి. ‘బ్రౌజర్ హ్యాంగ్ అవుతోంది’ అని ఒక్క వాక్యం రాస్తే, ‘రీస్టార్ట్ చేసి చూశారా’ అని ఒక్క వాక్యమే తిరిగి వస్తుంది.